యూదుల ధర్మశాస్త్రమున న్యాయశబ్దద్విరుక్తి

క్రీ. శ. 70వ సంవత్సరమున రోమకసేనాని తీతు యెరూషలేము నగరమును జయించెను. అచటి దేవాలయము దగ్ధమయ్యెను. దాని నాశ్రయించుకొనియుండిన మహాధర్మసభయు స్థానభ్రంశ మందెను. రాజ్యము గోలుపోయిన జాతి కాలక్రమమున నితరజాతులలోఁ గలసిపోవుట చరిత్రమునఁ బలుమాఱు కానవచ్చును. యూదు లట్లు కలసిపోలేదు. దీనికిఁ గారణములు పెక్కు గలవు. వానిలో ముఖ్యమైన దొకటి వారి ధర్మశాస్త్రము. ఆ శాస్త్రమున న్యాయశబ్దమున కెట్టి యర్థము చెప్పఁబడినదో, ఆ యర్థము సభలయందును అంగళ్లయందును ఎట్లు ప్రవర్తిల్లినదో యిందు విచారింపఁబడుచున్నది.

ద్వితీయోపదేశకాండము 16వ యధ్యాయమున న్యాయాధిపతుల నియామకమును గూర్చిన విధి కలదు. పక్షపాతము కూడదనియు లంచము కూడదనియుఁ జెప్పి, తుదకు న్యాయము ననుసరింపవలెనని శాసించుచోట న్యాయవాచకమగు 'త్సెదెక్' అను పదము వెంటవెంటనే రెండుమాఱులు ప్రయుక్తమైనది. హీబ్రూభాషయందు ధాతువులు సామాన్యముగా మూఁడు హల్లులు గలవి. ఈ ధాతువునుండియే 'త్సెదాకా' యను పదమును బుట్టినది. దానమున కది పేరు. పేదవాని కిచ్చునది దాతయొక్క దయ మాత్రమే కాదు, న్యాయముగాఁ జెల్లింపవలసిన బాకీ యనెడి భావము ఆ పదమునందే యిమిడియున్నది. బిచ్చమెత్తువాఁడు 'ధర్మము చేయుఁడు' అని యడుగు తెలుఁగువాడుక కిది మిక్కిలి దగ్గఱ.

వేదమున నొక్క యక్షరమైనను వ్యర్థము గాదని మీమాంసకుల సిద్ధాంతము. 'తోరా' యను తమ మూలగ్రంథమును గూర్చి యూదాచార్యులలోఁ బెక్కుర మతమును నిట్టిదే. కావున నీ ద్విరుక్తికిఁ బ్రయోజనము చెప్పక వారు విడువలేదు. స్పెయినుదేశమునఁ బుట్టిన 12వ శతాబ్దపు వైయాకరణుఁడు అబ్రహాము ఇబ్ను ఎజ్రా మూఁడు సమాధానములు చెప్పెను. లాభము గలిగినను నష్టము గలిగినను న్యాయమునే యనుసరింపవలె నని యొకటి. జీవితకాలమంతయు మాటిమాటికి ననుసరింపవలె నని రెండవది. దార్ఢ్యముకొఱకే ద్విరుక్తి యని మూఁడవది. పాణిని తన యష్టమాధ్యాయమున నిత్యత్వమునందును వీప్సయందును ద్విర్వచనము విధించెను. అందు నిత్యత్వమనఁగా నాభీక్ష్ణ్యము; అది క్రియకు సంబంధించినది. హీబ్రూవాక్యమున రెండుమాఱులు వచ్చినది నామపదము గావున సూత్రము యథాతథముగా నిచట వర్తింపదు. కాని ఇబ్ను ఎజ్రా చెప్పిన రెండవ యర్థ మాభీక్ష్ణ్యమే. పరస్పరసంబంధము లేని రెండు శాస్త్రములవారు ద్విరుక్తి కొకే యర్థమును గనుఁగొనుట గమనింపఁదగినది.

తల్మూదులోని యాచార్యులు వేఱొక వ్యాఖ్య చెప్పిరి. మొదటి పదము శాస్త్రోక్తమగు తీర్పును, రెండవది రాజీని బోధించు నని వారి యాశయము. వారి దృష్టాంతము లిట్టివి. ఇఱుకైన నదీమార్గమున రెండు పడవ లెదురుపడినవి. రెండు నొక్కసారి సాగెనేని రెండును మునుఁగును. ఒకదాని వెనుక నొకటి సాగిన రెండును దాఁటును. బేత్‌హోరోను కనుమ నెక్కు రెండొంటెలును నిట్టివే. బరువు లేనిది బరువు గలదానికిఁ దావీయవలెను. గమ్యమునకు దగ్గఱైనది దూరమున నున్నదానికిఁ దావీయవలెను. రెండును సమానమైనచో రాజీ కుదిర్చి, ముందు పోయినవారు నిలిచినవారికి నష్టపరిహార మీయవలెను. హక్కు సమానమైనపుడు హక్కునే పట్టుకొని పెనఁగులాడుట యుభయుల నాశమునకే యని దీని తాత్పర్యము.

ఇఁక లాభనష్టములయందు సమదృష్టి. లేవీయకాండము 19వ యధ్యాయమున బలవంతునిపై గౌరవమువలననే కాదు, బీదవానిపై జాలివలనను దీర్పు వంపరాదని విధి కలదు. ఈ రెండవది విశేషమైనది. జాలి చూపవలసిన చోటు వేఱు, తీర్పు చెప్పవలసిన చోటు వేఱు. లంచ మనఁగా ధనము మాత్రమే కాదని తెలుపుటకుఁ దల్మూదులో నొక కథ కలదు. 3వ శతాబ్దమున బాబిలోనుదేశమున నుండిన శమూయేలను నాచార్యుఁడు రేవు దాఁటుచుండఁగా నొకఁడు చేయూఁత యిచ్చెను. నీకేమి పని యని యాచార్యుఁ డడిగెను. తన వ్యాజ్యము గలదని వాఁడు చెప్పెను. అయినచో నీ వ్యాజ్యమునకు నేను న్యాయాధిపతిగా నుండఁదగనని యాతఁడు తప్పుకొనెను.

రాజు ముద్దాయి యైనపుడేమి? అట్టి కథయు గలదు. క్రీ. పూ. 103 మొదలు 76 వఱకు నేలిన యన్నాయిరాజు దాసుఁ డొకఁడు నరహత్య చేసెను. సభాధ్యక్షుఁడు షిమోను బెన్ షెటాహు రాజును సభకు రప్పించి నిలుచుండు మనెను. తక్కిన సభ్యు లేమందురో చూతమని రాజు పలికెను. అధ్యక్షుఁడు కుడివైపు చూచెను, ఎడమవైపు చూచెను. సభ్యులందఱు తలలు వాల్చి నేల చూచుచుండిరి. దేవదూత దిగివచ్చి వారిని సంహరించె ననియు, నటుపిమ్మట నట్టి రాజులు తీర్పు చెప్పరాదు, తీర్పునకు లోఁబడరాదు అను నియమ మేర్పడె ననియుఁ గథాంతము. జోసీఫసను చరిత్రకారుఁడు హెరోదు యౌవనమున జరిగినదిగా నిట్టి వృత్తాంతమునే చెప్పుటచే, రెండు నొకే ఘటనకు భేదము లేమో యని విమర్శకులు శంకింతురు. ఎట్లైనను, శాస్త్రము నిర్దుష్టమై యుండియు సభ్యుల భయముచేతఁ గుంటువడిన దినమును శాస్త్రకారులు మఱుఁగుపఱుపక వ్రాసియుంచిరి.

ఇట్టి భయమును దలఁచియే కాఁబోలు, సభానియమములు కడు జాగరూకతతోఁ గూర్పఁబడినవి. ధనవివాదములకు 3 న్యాయాధిపతులు, ప్రాణదండనవిషయమునకు 23, మహాసభకు 71. ఒకరి మొగ మొకరికిఁ గనఁబడునట్లు వా రర్ధచంద్రాకారముగాఁ గూర్చుందురు. ప్రాణవిషయమునఁ బెద్దల మాటకుఁ బిన్నలు లొంగిపోకుండుటకై పిన్నలే ముందు పలుకుదురు. విడుదలకు నొక్కమాట యాధిక్యము చాలును. శిక్షకు రెండు కావలెను. విడుదలతీర్పు నాఁడే చెప్పవచ్చును. శిక్షతీర్పునకు మఱునాఁటివఱకు నాఁగవలెను. సభ్యులందఱు నేకగ్రీవముగా దోషి యనినచో ముద్దాయి విడుదల పొందు నని తల్మూదు చెప్పును. అతని పక్షమునఁ జింతించినవాఁ డొక్కఁడును లేఁడు గదా.

ప్రాణదండనను గూర్చియే యాచార్యులకు భేదాభిప్రాయము గలదు. 7 ఏండ్ల కొకనిఁ జంపిన సభ ఘాతుకసభ యని యొక మాట. 70 ఏండ్ల కొకనిఁ జంపినను నట్లే యని ఎలియాజరు బెన్ అజర్యా. తాము సభలో నుండినచో నెవ్వఁడును జంపఁబడకుండునని తర్ఫోను, అకీబా. అట్లైన హంతకులు పెరుఁగుదురని షిమోను బెన్ గమలీయేలు. ఏ పక్షమును గొట్టివేయక మిష్నా యన్నిటిని నిలిపినది. క్రీ. శ. 200 ప్రాంతమున యెహూదా హనాసి యీ గ్రంథమును సంకలించునాఁటికిఁ బ్రాణదండనాధికారము యూదులచేత లేదు. కావున నీ నియమములలోఁ గొన్ని యాచరణము గాక యాదర్శ మని చరిత్రకారు లనుట సమంజసము.

అంగడినియమములు మాత్రము వట్టి యాదర్శములు గావు. అవి యనుదినకృత్యములు, ఇబ్ను ఎజ్రా చెప్పిన మాటిమాటికి నను నర్థ మిచటఁ బ్రత్యక్షము. చిల్లరవర్తకుఁడు కొలపాత్రలను వారమునకు రెండుమాఱులు శుభ్రము చేయవలెను. తూనికరాళ్లను వారమున కొకమాఱు తుడువవలెను. త్రాసుతట్టలను తూఁచిన ప్రతిసారియుఁ దుడువవలెను. ఇనుము మొదలగు లోహములు కాలక్రమమున నరుగును గావున రాతితోఁ గాని గాజుతోఁ గాని తూనికరాళ్లు చేయవలెను. కౌటిల్యుఁడును నీరు తగిలి పెరుఁగనివి, వేఁడి తగిలి తరుగనివి కావలెనని విధించి, యినుమును రాతిని నంగీకరించెను. తక్కువకొలత గల పాత్రమును మూత్రభాండముగానైనను ఇంట నుంచరాదని తల్మూదు నిషేధించినది. తెలియనివాఁ డెవఁడేని దానితోఁ గొలువవచ్చును గదా. కూలివాని కూలి యా దినమే యీయవలెను. బీదవానివద్దఁ గుదువ పట్టిన దుప్పటిని రాత్రికి మరల నీయవలెను.

దేవాలయము కాలినపిమ్మట నిలిచినవి యివియే. రాజుల యాజ్ఞకు లోఁబడి యన్యదేశములయందు బ్రతుకుచు, ఆ దేశపు శాసనమును శాసనమే యని పూర్వోక్తుఁడగు శమూయేలు నిర్ణయించిన చొప్పున నడచుకొనుచు, తమలోఁ బుట్టు ధనవివాదములను మువ్వురు న్యాయాధిపతుల యెదుట వారు తీర్చుకొనుచు వచ్చిరి. 12వ శతాబ్దమున మైమోనిడీసు రచించిన 14 భాగముల ధర్మసంగ్రహమునఁ గడపటిది న్యాయాధిపతుల భాగము. అందు మువ్వురి సభయందలి ప్రతివానికిని జ్ఞానము, వినయము, దైవభీతి, ధనద్వేషము, సత్యప్రీతి, జనానురాగము, సత్కీర్తి యను నేడు గుణములు విధింపఁబడినవి. సైన్యము, చెఱసాల, సింహాసనము లేని సంఘమునకు న్యాయాధిపతి శీలమును వర్తకుని త్రాసును దప్ప వేఱు రక్షణము లేదు. న్యాయశబ్దమును రెండుమాఱులు చదివిన యాచార్యు లీ రెంటిని శుద్ధముగా నుంచుటకే యింత శ్రమపడిరి.