రెహబాము ఆలోచనకర్తలు, చింతపల్లి వెట్టి దారి

రెహబాము చరిత్రను (1 రాజులు 12) మనము సాధారణంగా పెద్దలకు, యౌవనులకు మధ్య పోటీగా ప్రసంగిస్తాము. పెద్దల మాట వింటే రాజ్యము నిలిచేదని, కుర్రవారి మాట విని పోగొట్టుకున్నాడని ముగిస్తాము. వాక్యభాగము అంత సులువుగా లేదు. ఆ యౌవనులను సూచించే హెబ్రీ మాట 'యెలాదీమ్', అంటే పిల్లలు. కాని వారు రాజుతో కలిసి పెరిగినవారు. రాజుకు అప్పటికి 41 ఏళ్ళు (14:21). పెద్దలు సొలొమోను కొలువులో నిలిచినవారు. ఈ దినము వీరికి దాసుడవై మెత్తగా మాట్లాడితే వీరు ఎల్లకాలము నీకు దాసులౌతారన్నది వారి సలహా. అందులో మంచి ఉన్నది, రాజనీతి కూడా ఉన్నది. అయితే కాడి మోసిన మనిషి ఆ రెండు గుంపుల్లోనూ లేడు.

ఆ కాడి ఏమిటో 1 రాజులు 5:13-14 చెబుతుంది. ముప్పది వేలమంది వెట్టివారు, నెలకు పదివేలమంది చొప్పున వంతులవారీగా లెబానోనుకు వెళ్ళాలి. వారిపై అధికారి అదోనీరాము. జనము తిరగబడినప్పుడు రెహబాము వారి దగ్గరికి పంపినది వెట్టిపనులు చేయించే అదోరామునే (12:18). ఇద్దరూ ఒక్కరేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయము. పుండు చేసిన చేతికే మందు ఇచ్చి పంపినట్టయింది. జనము అతణ్ణి రాళ్ళతో కొట్టి చంపారు.

ఈ అధ్యాయాన్ని విశాఖ మన్యములో చదివేవారు వెట్టి అన్న మాట దగ్గర ఆగక తప్పదు. నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఘాట్ దారి పనుల్లో 1920ల తొలినాళ్ళలో గిరిజనులు పడిన బాధ అక్కడి చరిత్రలో భాగము. ఆ పనులు చేయించినవాడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్. కూలి తగ్గించి ఇవ్వడము, ఎదురు చెప్పినవారిని కొట్టించడము అతనిపై వచ్చిన ఆరోపణలు. 1882 అటవీ చట్టము అప్పటికే పోడు వ్యవసాయాన్ని బిగించింది. 1839 చట్టము ఏజెన్సీని మామూలు కోర్టుల పరిధి నుండి తప్పించి, గవర్నరు ఏజెంటుగా కలెక్టరు చేతిలో పెట్టింది. కనుక కొండమీది సంగతులు ప్రభుత్వానికి ఎక్కువగా తాలూకా అధికారి నోటనే తెలియాలి. ఫిర్యాదు ఎవరిమీదనో, నివేదిక రాసేవాడూ అతడే. ఇటువంటి ఏర్పాటులో న్యాయవంతుడైన కలెక్టరుకైనా నిజము వినబడడము కష్టమే.

ఈ పాఠము ప్రభుత్వానికి కొత్తది కాదు. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు కారణాలు విచారించిన సలివాన్, మన్సబుదారు దోపిడీని, కల్లుపై పన్నును, పోలీసుల జులుమును గుర్తించాడు. ప్రభుత్వము అంతవరకు ఆ మన్సబుదారు ద్వారానే కొండను పాలించింది. తరువాత అతణ్ణి తొలగించింది. రాజు ఎదుటి నుండి దుష్టుని తొలగించాలన్న సామెతలు 25:5 నెరవేరిందనవచ్చు, కాని తిరుగుబాటు లేచిన తరువాత.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశాడు. తుపాకులు, తూటాలు పట్టుకుపోతూ, ఏవేవి తీసుకున్నదీ రాసి సంతకము పెట్టి మరీ వెళ్ళాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. రాజు పక్షాన నిలిచిన గాం గంటందొర ముఠాదారీ పోగొట్టుకున్నవాడు. అతని తమ్ముడు మల్లుదొర. కొండ బరువు ఎంతో చెప్పగలిగిన మనుషులు వీరు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు దిగిన తరువాత గాని పోరాటము ఆరలేదు. 1924 మే 7న రాజును కాల్చి చంపారు.

అధికారులందరూ ఒకే తీరువారు కారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ రాజుకు పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. దండించడము కాక మాట్లాడడమనే దారి కూడా అదే పాలనలో ఉన్నదని ఇది చూపుతుంది.

నిర్గమకాండము 18:21లో యిత్రో మోషేకు చెప్పిన అర్హతలలో చివరిది అక్రమ లాభాన్ని అసహ్యించుకోవడము. అక్కడి 'బెత్సా' అనే మాట కోయడము అన్న ధాతువు నుండి వచ్చింది: మరొకరి దాని నుండి కోసుకొన్నది. కూలిలో కోత పెట్టేవాని మాట ఎంత తెలివైనదైనా యిత్రో లెక్కలో నిలవదు. సంఘ కమిటీకి మనుషులను ఎన్నుకొనేటప్పుడు మనము భక్తి చూస్తాము, చదువు చూస్తాము, మాట చాతుర్యము చూస్తాము. అతని పొలములో పనిచేసిన కూలివారిని అడిగే కాపరులు మాత్రము అరుదు.

రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలు ఇటువంటి లోటును తీర్చడానికే గిరిజన సలహా మండలిని ఏర్పాటు చేసింది. ఇరవైమందికి మించని ఆ మండలిలో నాలుగింట మూడు వంతులు శాసనసభలోని గిరిజన ప్రతినిధులే ఉండాలి. జైలు నుండి తిరిగి వచ్చిన మల్లుదొరను 1952లో విశాఖపట్నము ఓటర్లు మొదటి లోక్‌సభకే పంపారు. అయినా 2015 నవంబరులో చింతపల్లి అడవిలో బాక్సైటు తవ్వకానికి ప్రభుత్వము జీవో 97 ఇచ్చినప్పుడు, సలహా మండలిని సంప్రదించలేదన్నది గిరిజనుల అభ్యంతరాలలో ఒకటి. కొండ ఊళ్ళలో నిరసనలు లేచాయి. ఆ జీవోను ముందు నిలిపివేశారు. 2019లో రద్దు చేశారు.