రాణి మంగమ్మ

రాణి మంగమ్మ (పాలన 1689–1706) తిరుచిరాపల్లి రాజధానిగా మధుర నాయక రాజ్యాన్ని పసివాడైన మనుమడి పేరిట ఏలిన తెలుగు రాణి. తమిళనాట ఆమెను మంగమ్మాళ్ అంటారు. అక్కడి జనానికి ఆమె పేరు వినగానే తట్టేవి సత్రాలు, చెట్ల నీడన సాగే బాటలు, బావులు, చలివేంద్రాలు. వాటిని భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న ఒక భక్తురాలి పుణ్యకార్యాలుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అయితే ఆ దానాలను ఆమె కాలపు రాజకీయాల పక్కన పెట్టి చూస్తే వాటి వెనక ఒక పాలనా పద్ధతి కనిపిస్తుంది. సొంత పేరుతో సింహాసనం ఎక్కే వీలులేని స్త్రీ, అన్ని వర్గాల ప్రజలకూ తన అధికారాన్ని కనబరచడానికి ధర్మసంస్థలను సాధనంగా చేసుకుంది. ఆమె చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ కోణమే సరైన దారి.

పుట్టిల్లు, మెట్టినిల్లు

మధుర నాయకులు విజయనగర చక్రవర్తుల తరఫున దక్షిణానికి వచ్చి స్థిరపడ్డ తెలుగువారు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు ఈ రాజ్యానికి పునాది వేశాడు. రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించి, ఒక్కొక్కదాన్ని ఒక పాళెగాడి చేతికి అప్పగించారు. పాళెగాడు కప్పం కట్టాలి, పిలిచినప్పుడు సైన్యంతో రావాలి. తిరుమల నాయకుని (1623–1659) నాటికి ఈ రాజ్యం వైభవంగా వెలిగింది. మంగమ్మ పుట్టింది రాజవంశంలో కాదు. ఆమె తండ్రి తుపాకుల లింగమ నాయకుడు, చొక్కనాథ నాయకుని సేనానుల్లో ఒకడు. భూమి, సైన్యం, పలుకుబడి ఉన్న ఇటువంటి తెలుగు నాయక కుటుంబాలే ఆ రాజ్యానికి వెన్నెముక. ఆ ఇళ్ళ ఆడపిల్లలు అంతఃపురాల్లోకి వెళ్ళేటప్పుడు వెంట పుట్టింటి బలగమూ వెళ్ళేది. మంగమ్మకు రాజవంశపు పుట్టుక లేకపోయినా రాజ్యం ఎలా నడుస్తుందో తెలిసిన ఇంటి పెంపకం ఉంది.

చొక్కనాథ నాయకుడు 1659లో గద్దెనెక్కాడు. అతని కాలం పొడుగునా రాజ్యం కుంచించుకుపోతూ వచ్చింది. తంజావూరు నాయకుడు విజయరాఘవుడు పిల్లనివ్వనన్నాడని 1673లో ఆ రాజ్యంపై దండెత్తి గెలిచాడు. కానీ ఆ గెలుపు నిలవలేదు. కొద్ది కాలానికే తంజావూరు మరాఠా ఏకోజీ వశమైంది. ఉత్తర, పశ్చిమ దిక్కుల నుంచి మైసూరు ఒత్తిడి పెరిగింది. నేటి ధర్మపురి సీమ 17వ శతాబ్ది ముగిసేలోగా మైసూరు చిక్కదేవరాయల ఏలుబడిలోకి వెళ్ళింది. చొక్కనాథుడు 1682లో చనిపోయాడు. కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు ఏడేళ్ళు పాలించి, 1689లో మశూచితో పోయాడు. అప్పటికి అతని భార్య ముత్తమ్మ గర్భవతి. ఆమె మగబిడ్డను కని, ఆ వెంటనే ప్రాణాలు విడిచింది. ఆ పసికందే విజయరంగ చొక్కనాథుడు. నెలల బిడ్డకు పట్టం కట్టి, మంగమ్మ పాలన చేతిలోకి తీసుకుంది.

మనుమడి పేరిట పాలన

ఈ పరిస్థితిని కాస్త నిదానించి చూడాలి. దక్షిణాపథంలో ఔరంగజేబు సేనలు బీజాపూరు, గోల్కొండలను అప్పటికే మింగేశాయి. మరాఠా రాజారాం జింజీ కోటలో తలదాచుకున్నాడు. మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్ ఏళ్ళ తరబడి ఆ కోటను ముట్టడించాడు. పడమట మైసూరు, తూర్పున తంజావూరు మరాఠాలు, దక్షిణాన రామనాథపురం సేతుపతి, అవతల తిరువాన్కూరు ఉన్నాయి. తీరాన తూత్తుకుడిని 1658లో పోర్చుగీసుల నుంచి గుంజుకున్న డచ్చివారు ముత్యాల వేట మీద పట్టు సాధించారు. ఇన్ని శక్తుల నడుమ ఊయలలోని రాజుతో రాజ్యాన్ని నిలబెట్టాలి.

మంగమ్మ ఎక్కడ తగ్గాలో, ఎక్కడ నిలబడాలో వేరు చేసి చూసింది. మొగలులకు కప్పం కట్టి, కానుకలు పంపి, వారిని రాజ్యంలోకి రాకుండా ఆపింది. బాకీపడ్డ కప్పం ఇవ్వని తిరువాన్కూరు మీదికి 1697లో దళవాయి (ప్రధాన సేనాని) నరసప్పయ్యను పంపి వసూలు చేసింది. సరిహద్దు ఊళ్ళపై దాడులు చేస్తున్న తంజావూరు షాహాజీకి 1700 ప్రాంతంలో అదే దళవాయి కొల్లడం నది దాటి బుద్ధి చెప్పాడు. తంజావూరు సొమ్ము చెల్లించి సంధి చేసుకుంది. అంతలోనే మైసూరువారు కావేరికి అడ్డుకట్ట వేస్తే, నిన్నటి శత్రువు తంజావూరుతో చేయి కలపడానికి ఆమె వెనకాడలేదు. నీరు ఇద్దరిదీ. వానలకు ఆ కట్ట తెగిపోవడంతో ఉమ్మడి దండయాత్ర అవసరం రాలేదు. 1702లో రామనాథపురం కిళవన్ సేతుపతి మీద చేసిన యుద్ధం మాత్రం వికటించింది. ఆ పోరులో నరసప్పయ్య చనిపోయాడు. అక్కడితో సేతుపతులు మధుర అదుపు దాటిపోయారు.

సత్రాలు, బాటలు, దానాలు

ఇదే కాలంలో ఆమె చేసిన కట్టడాలు, దానాలు యుద్ధాల కన్నా ఎక్కువ దూరం విస్తరించాయి. మధుర రైల్వే స్టేషన్ ఎదుట మంగమ్మాళ్ సత్రం ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. కన్యాకుమారి వైపు వెళ్ళే పాత బాటను మంగమ్మాళ్ సాలై అంటారు. సత్రమంటే వంటశాల, పడుకునే చోటు మాత్రమే కాదు. దాని పోషణకు ఊళ్ళ రాబడిని మాన్యంగా రాసి ఇవ్వాలి, లెక్కలు చూసే మనిషిని పెట్టాలి, నీటి వసతి కల్పించాలి. ఒక సత్రం కట్టడమంటే ఆ దారిలో రాజ్యం తరఫున శాశ్వతమైన ఏర్పాటు చేయడం. రామేశ్వరం వెళ్ళే యాత్రికుడు, మూటలు మోసే బేరగాడు, వార్తలు తెచ్చే వేగువాడు, కవాతు చేసే సైనికుడు అందరూ అదే బాటన నడుస్తారు, అదే బావి నీళ్ళు తాగుతారు. బాట బాగుంటే సుంకం వస్తుంది, సైన్యం కదులుతుంది. ఆ బాటలు సాగింది ఎక్కువగా పాళెగాళ్ళ సీమల గుండానే. ఆ సీమల్లో రాజాజ్ఞ పాళెగాడి నోట వినిపించేది. అక్కడ రాణి పేరు మోసే సత్రం నిలిచిందంటే, పాళెగాడి ప్రమేయం లేకుండానే ప్రజలకు రాజ్యం కనబడిందన్నమాట.

దానాల విస్తృతి కూడా ఇదే చెబుతుంది. ఆమె హిందూ ఆలయాలకు ఇచ్చింది, తిరుచిరాపల్లి దర్గాకూ మాన్యాలు ఇచ్చింది. క్రైస్తవ మిషనరీల విషయంలో ఆమె ధోరణి పొరుగువారి కంటే భిన్నం. సేతుపతి ఆజ్ఞతో జెస్యూట్ పాదిరీ జాన్ డి బ్రిట్టోను 1693లో ఓరియూరులో శిరచ్ఛేదం చేశారు. అదే కాలంలో తిరుచిరాపల్లి కొలువులో ఫ్రెంచి జెస్యూట్ బూషేకు దళవాయి నుంచి మర్యాద దక్కింది. మధుర మీనాక్షి ఆలయంలోని ఊంజల్ మండపం చిత్రాల్లో మంగమ్మ రూపం బాలరాజు విజయరంగునితో కలిసి ఉంది. దేవి వేడుకను చూపే చిత్రంలో నానమ్మా మనుమడూ కలిసి నిలబడడం ఆ పాలన ఎలా సాగిందో చెప్పే సాక్ష్యం. హక్కు బిడ్డది, చేయి ఆమెది, ఆ రెండింటినీ కలిపి ఆమోదించే వేదిక గుడి.

ఇది మధురకే ప్రత్యేకమైన తీరు కాదని చూపడానికి, అదే శతాబ్దంలో డచ్చి నగరాల సంపన్న కుటుంబాల స్త్రీలను చూడవచ్చు. హాలండులో భర్త చనిపోతే ఆస్తిలో భాగం భార్యకు దక్కేది. వితంతువు వ్యాపారం నడపవచ్చు. కానీ నగర సభలో మాత్రం ఆమెకు పీట లేదు. అందుకే అక్కడి పెద్దింటి స్త్రీల బహిరంగ జీవితం అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాల నిర్వహణలో రూపుదిద్దుకుంది. హార్లెమ్‌లోని వృద్ధాశ్రమ నిర్వాహకురాళ్ళను 1664 ప్రాంతంలో ఫ్రాన్స్ హాల్స్ బృందచిత్రంగా గీశాడు. బల్ల చుట్టూ కూర్చున్న ఆ స్త్రీలు తమ ఊళ్ళో అధికారులే, అయితే వారి అధికారం ధర్మసంస్థ గుమ్మం దాకానే. మంగమ్మ చేతిలో ఆస్తితో పాటు సైన్యమూ ఖజానా ఉన్నాయి, స్థాయిలో పోలికే లేదు. అయినా సమస్య ఒకటే: పేరుకు దక్కని పదవిని పనిలో చూపించడం ఎలా? ఇద్దరికీ దొరికిన జవాబు ధర్మసంస్థే.

ఆక్షేపణలు

ఈ వాదాన్ని కాదనడానికి మొదట ముందుకొచ్చేది జనం చెప్పుకునే కథ. ఒకనాడు మంగమ్మ పరధ్యానంగా ఎడమ చేత్తో తాంబూలం నోట వేసుకుందట. పండితులు అది పాపమన్నారట. ఆ పాపపరిహారంగానే ఆమె బాటలు వేయించి, చెట్లు నాటించిందట. కథ నిజమైతే దానాల్లో రాజనీతి వెతకడం వృథా. కానీ తాంబూలపు పొరపాటుకు ఒక పూట దానం చాలు. ఎన్నో ఏళ్ళపాటు, రాజ్యం నలుమూలలా, మూడు మతాల వారినీ కలుపుకుంటూ సాగిన పనికి ఆ కారణం సరిపోదు. పైగా స్త్రీ చేసిన పెద్ద పని వెనక ఆమె తప్పేదో ఉండాలనే ఆలోచన కూడా ఆ కథలో కనిపిస్తుంది. పాపభీతి ఆమెకు లేదని అనక్కర్లేదు. భక్తి, రాజనీతి ఒకే మనిషిలో ఉండడంలో వింత లేదు. ఆ భక్తి ఏ దిశన ఖర్చయిందో చూడడమే ఇక్కడ ముఖ్యం.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. రాజులు కూడా గుళ్ళు కట్టారు, సత్రాలు కట్టారు, అటువంటప్పుడు ఆమె పాలనలో దానానికి ప్రత్యేక స్థానం ఎందుకివ్వాలి? తిరుమల నాయకునితో పోలిస్తే తేడా తెలుస్తుంది. అతని ధనం మధుర మహల్లోనూ, పుదు మండపంలోనూ, అంటే అప్పటి రాజధాని కట్టడాల్లో పోగుపడింది. మంగమ్మ ఖర్చు దారుల వెంట, ఊరూరా చెదిరింది. రాజు తన వైభవాన్ని ఒకచోట చూపించి జనాన్ని అక్కడికి రప్పించుకోగలడు. బాలరాజు తరఫున ఏలే స్త్రీ తన పేరును జనం నడిచే చోటికే తీసుకెళ్ళాలి. ఆమె సమకాలికులు వేరే దారులు ఎంచుకున్నారు. కెళది రాణి చెన్నమ్మ మొగలుల కన్నుగప్పి రాజారాంకు ఆశ్రయమిచ్చింది. మరాఠా తారాబాయి 1700లో భర్త రాజారాం చనిపోయాక, చిన్న కొడుకు పేరిట మొగలులతో యుద్ధం సాగించింది. యుద్ధాన్ని నమ్ముకోగల బలం తారాబాయికి ఉంది, ఆ బలం చొక్కనాథుని నాటికే మధురలో తరిగిపోయింది. మంగమ్మ పద్ధతి ఆ లోటుకు తగ్గట్టు పుట్టింది.

మూడో ఆక్షేపణ మొగలులకు ఆమె కట్టిన కప్పం గురించి. మొగలు చక్రవర్తి చెప్పును ఊరేగింపుగా పంపితే ఆమె కొడుకు రంగకృష్ణుడు దాన్ని ధిక్కరించాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. కొడుకు ధిక్కరించిన చోట తల్లి తలవంచిందని నింద. కానీ జింజీ ముట్టడి సాగినన్నాళ్ళూ మొగలు సైన్యం గుమ్మంలో ఉంది. గోల్కొండ, బీజాపూరు పతనం కళ్ళ ముందే ఉంది. కప్పం చెల్లించి మిగిల్చుకున్న సైన్యంతోనే తిరువాన్కూరు, తంజావూరు దండయాత్రలు సాధ్యమయ్యాయి. సేతుపతి యుద్ధం వైఫల్యమేనని మాత్రం ఒప్పుకోవాలి. తిరుచిరాపల్లి నుంచి వెళ్ళిన సైన్యం సేతుపతి గడ్డ మీద ఓడింది. ఎక్కడ తగ్గాలో తెలిసిన రాణి అక్కడ తగ్గలేదు.

అంతం, ఆ తరువాత

1706లో మంగమ్మ పాలన ముగిసింది. ఎదిగిన మనుమడికి ఆమె గద్దె అప్పగించలేదని, మంత్రి అచ్చయ్యతో ఆమెకు సంబంధం అంటగట్టి వైరివర్గం ఆమెను బంధించిందని, ఎదుట అన్నం పెట్టి అందకుండా చేసి చంపిందని ఒక కథ ప్రచారంలో ఉంది. 19వ శతాబ్దిలో మధుర చరిత్ర రాసిన నెల్సన్ ఈ కథను నమోదు చేశాడు. తరువాతి చరిత్రకారులు దీన్ని సందేహించారు. అన్నదానంతో పేరుపొందిన రాణి ఆకలితో చనిపోవడం చరిత్ర కంటే కథకుడి కల్పనకే దగ్గరగా ఉంది. అధికారం చేతులు మారే వేళ కొలువులో పోరు జరిగి ఉంటుందన్నంత వరకు నమ్మవచ్చు.

విజయరంగ చొక్కనాథుడు 1732 వరకు పాలించాడు. దానాల్లో నానమ్మను మించాడు, పరిపాలనలో ఆమెను అందుకోలేదు. అతని కొలువులో సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు తెలుగు వచనాన్ని కావ్య స్థాయికి తెచ్చాడు. పిల్లలు లేని విజయరంగుని తరువాత అతని భార్య మీనాక్షి దత్తుని పేరిట పాలించబోయింది. ఆర్కాటు నవాబు అల్లుడు చందా సాహెబు మోసానికి గురై ప్రాణం తీసుకుంది. 1736తో మధుర నాయక రాజ్యం ముగిసింది. మంగమ్మకూ ఆమె మనుమడి భార్యకూ వచ్చిన చిక్కు ఒకే రకమైనది: పసివాడి హక్కు, వితంతువు చేతిలో పాలన, గుమ్మంలో శత్రువు. మంగమ్మ పదిహేడేళ్ళు నెగ్గుకొచ్చింది, మీనాక్షి నాలుగేళ్ళలో ఓడిపోయింది. మంగమ్మ వెనక నరసప్పయ్య వంటి దళవాయి, కప్పం కట్టగల ఖజానా ఉన్నాయి. మీనాక్షి నాటికి ఆ రెండూ లేవు. ధర్మసంస్థలు పాలకురాలికి జనం ఆమోదాన్ని తెచ్చిపెట్టగలవు, ఆమె పేరును రాజ్యం కంటే ఎక్కువ కాలం నిలపగలవు. కానీ సైన్యమూ ఖజానా లేనప్పుడు ఆ ఆమోదం ఒక్కటే కోట తలుపును కాపాడలేదు. మంగమ్మ ధర్మసంస్థలనూ సైన్యబలాన్నీ ఒకే చేత్తో నడిపినన్నాళ్ళు రాజ్యం నిలిచింది.