పెద్ద కుటుంబ సెడాన్లు: ఇంజన్ శక్తి, మైలేజీల చరిత్ర

నలుగురైదుగురు పెద్దవాళ్లు ఇరుకు పడకుండా కూర్చోగలిగి, వెనక విడిగా డిక్కీ ఉండి, రోజూ ఆఫీసుకూ సెలవుల్లో దూర ప్రయాణాలకూ పనికొచ్చే నాలుగు తలుపుల కారును పెద్ద కుటుంబ సెడాన్ అంటారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం ప్రయాణికుల చోటు, డిక్కీ కలిపి 120 ఘనపుటడుగులు, ఆపైన ఉంటే అది పెద్ద కారు. 110 నుంచి 120 లోపైతే మధ్యతరహా కారు. బజారులో ఈ గీతను ఎవరూ అంత పట్టించుకోరు. షెవర్లే ఇంపాలా, ఫోర్డ్ టారస్, హోండా అకార్డ్, టొయోటా కామ్రీ ఒకే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని అమ్ముడైన కార్లే. ఒకప్పుడు చిన్న కారుగా మొదలైన అకార్డ్ పెరిగి పెరిగి 2008 నాటికి పర్యావరణ సంస్థ పట్టికలో పెద్ద కార్ల తరగతికే చేరింది. ఈ కార్ల చరిత్రలో ఎక్కువ భాగం అమెరికాలోనే నడిచింది. అక్కడ స్థిరపడిన బంధువుల వల్ల కామ్రీ, అకార్డ్ పేర్లు తెలుగువాళ్లకూ చిరపరిచితాలే. శక్తి పెరిగితే మైలేజీ పడిపోతుందన్నది జనం నోట నలిగిన మాట. యాభై ఏళ్ల చరిత్ర చూస్తే అందులో సగమే నిజం. ఇంజనీర్లు సాధించిన ప్రతి మెరుగుదలనూ శక్తిగానైనా వాడుకోవచ్చు, పెట్రోలు పొదుపుగానైనా వాడుకోవచ్చు. ఆ లాభాన్ని ఏ కాలంలో ఎటు మళ్లించారన్నదే ఈ రెండు అంకెల అసలు చరిత్ర.

ఇది అర్థం కావాలంటే ముందు ఇంజన్ పని తీరు చూడాలి. పెద్ద సెడాన్ చదునైన రోడ్డు మీద గంటకు 60 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 97 కిలోమీటర్ల వేగంతో, నిలకడగా సాగడానికి చక్రాల దగ్గర కావలసింది 15 నుంచి 20 హార్స్‌పవర్ మాత్రమే. అందులో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుపోవడానికి, మిగతాది టైర్ల రాపిడికి ఖర్చవుతుంది. 300 హార్స్‌పవర్ ఇంజన్ అయినా, 100 హార్స్‌పవర్ ఇంజన్ అయినా ఆ వేగంలో చేసే పని ఒకటే. మరి పెద్ద ఇంజన్ ఎందుకు ఎక్కువ తాగుతుంది? పెట్రోలు ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టంలో థ్రాటిల్ అనే లోహపు బిళ్ల అడ్డంగా తిరుగుతూ ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగానే ఆనినప్పుడు ఆ బిళ్ల దారిని దాదాపు మూసేస్తుంది. సిలిండర్లు ఆ సన్నని సందులోంచే గాలిని లాక్కోవాలి. ముక్కు సగం మూసుకుని ఊపిరి పీల్చినట్టుంటుంది ఆ శ్రమ. ఇంజన్ ఎంత పెద్దదైతే ఈ వృథా అంత ఎక్కువ. లోపలి రాపిడీ అంతే. కాబట్టి పెట్రోలు తాగేది కాగితం మీది హార్స్‌పవర్ కాదు. తక్కువ పనికి పెద్ద సిలిండర్లను తిప్పడం, ఆగి కదిలిన ప్రతిసారీ మోయాల్సిన బరువు, కుదరని గేరు, ఈ మూడే అసలు తాగుబోతులు.

1970కి ముందు అమెరికాలో ఈ లెక్క వేసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు. 1955లో షెవర్లే తెచ్చిన 265 ఘనపుటంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ సామాన్య కుటుంబానికి కూడా 162 హార్స్‌పవర్‌ను అందుబాటులోకి తెచ్చింది. పదేళ్లు తిరిగేసరికి ఇంపాలా ఒక్క ఏడాదిలో పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఆనాటి అంకెలను ఈనాటి వాటితో పోల్చేవాళ్లు తరచూ ఒక చోట తప్పటడుగు వేస్తారు. అప్పట్లో శక్తిని కొలిచేటప్పుడు ఫ్యానూ, ఆల్టర్నేటరూ, ఎయిర్ ఫిల్టరూ, సైలెన్సరూ తీసేసి, ఇంజన్‌ను ఒంటరిగా బల్ల మీద తిప్పేవారు. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలవడం పద్ధతి అయింది. షెవర్లే 350 ఘనపుటంగుళాల ఇంజన్‌లో ఒక రకం 1971లో పాత పద్ధతిలో 245 హార్స్‌పవర్, కొత్త పద్ధతిలో 165. ఇంజన్‌లో ఒక్క బోల్టూ మారకుండానే 80 హార్స్‌పవర్ మాయమైంది. డెబ్బైల్లో కార్లు ఒక్కసారిగా నీరసించిపోయాయన్న అభిప్రాయంలో కొంత ఈ కొలత మార్పు చేసిన మాయే.

అయితే నీరసం పూర్తిగా భ్రమ కాదు. 1970 నాటి వాయు కాలుష్య చట్టం, సీసం లేని పెట్రోలు, 1975 నుంచి వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లు ఇంజన్ల కంప్రెషన్‌ను, శక్తిని తగ్గించాయి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేయడంతో బంకుల ముందు బారులు తీరిన కార్లు దేశం ఆలోచననే మార్చాయి. 1974 మొదట్లో వేగ పరిమితిని గంటకు 55 మైళ్లకు కుదించారు. 1975 డిసెంబరులో వచ్చిన ఇంధన చట్టం ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి లక్ష్యం పెట్టింది: 1978 నాటికి గ్యాలనుకు 18 మైళ్లు, 1985 నాటికి 27.5. మన లెక్కలో లీటరుకు సుమారు 7.7, 11.7 కిలోమీటర్లు. దీనికి వచ్చిన జవాబుల్లో అన్నింటికన్నా తెలివైనది 1977 మోడల్ షెవర్లే ఇంపాలా, కాప్రిస్ జంట. పొడవు పది అంగుళాల దాకా తగ్గింది, బరువు దాదాపు 300 కిలోలు దిగింది, లోపలి చోటు మాత్రం తగ్గలేదు. వృథా లోహాన్ని కోసేస్తే కుటుంబం ఇరుకు పడనక్కర్లేదని అది చూపింది. ఆ తరం కారు నేటికీ గౌరవానికి అర్హమైనదే.

అన్ని జవాబులూ అలా ఫలించలేదు. ఓల్డ్స్‌మొబైల్ 1978 మోడల్‌తో 5.7 లీటర్ల డీజిల్ వీ8 తెచ్చింది. శక్తి 120 హార్స్‌పవరే అయినా మైలేజీ బాగుండేది. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ పెట్రోలు ఇంజన్‌లో కన్నా చాలా ఎక్కువ. సిలిండర్ హెడ్‌ను బిగించిన బోల్టుల అమరిక మాత్రం పెట్రోలు ఇంజన్‌దే. బోల్టులు సాగి, గ్యాస్కెట్లు పోయి, అమెరికా కుటుంబాలకు డీజిల్ కారంటేనే భయం పట్టుకుంది. 1985తో ఆ ఇంజన్ ఆగిపోయింది. 1981లో కాడిలాక్ తెచ్చిన వీ8 భారం తగ్గినప్పుడు ఆరు, నాలుగు సిలిండర్లతో నడిచేది. ఆలోచన సరైనదే, నాటి కంప్యూటరు దాన్ని సాఫీగా నడపలేకపోయింది, చాలామంది యజమానులు ఆ ఏర్పాటును తీయించేసుకున్నారు. అదే ఆలోచన 2005లో క్రైస్లర్ 300సీ కారులోని 340 హార్స్‌పవర్ వీ8లోనూ, 2008 అకార్డ్ వీ6లోనూ డ్రైవరుకు తెలియనంత నిశ్శబ్దంగా పనిచేసింది. శక్తికీ పొదుపుకూ ఉన్న ముడి ప్రకృతి సూత్రమే అయితే, పాతికేళ్ల ఎలక్ట్రానిక్స్‌తో అది ఇంత సడలేది కాదు.

1986 మోడల్ ఫోర్డ్ టారస్ మరో దారి తెరిచింది. ముందు చక్రాలనే తిప్పే ఇంజన్, గాలికి ఎదురు తిరగని గుండ్రటి ఆకారం. ఆ రోజుల్లో 0.33 గాలి నిరోధ గుణకం కుటుంబ కారుకు గొప్ప అంకె. దాని 3 లీటర్ల వీ6 శక్తి 140 హార్స్‌పవర్. పాత పెద్ద వీ8 ఇచ్చినంత శక్తిని దాదాపు సగం పరిమాణంలోనే రాబట్టింది. 1992 నుంచి 1996 వరకు అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన కారు టారసే; 1997లో ఆ స్థానం కామ్రీకి పోయింది. ఇదే కాలంలో బ్యూయిక్ 3800 వీ6 మెకానిక్కుల అభిమానం సంపాదించుకుంది. సిలిండరుకు రెండే వాల్వులున్న పాత పద్ధతి ఇంజన్ అది, 3.8 లీటర్ల పరిమాణం, 1995 నుంచి 205 హార్స్‌పవర్. అయినా హైవే మీద మైలేజీ మెరుగ్గా ఉండడానికి కారణం గేర్లే: గంటకు 60 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లకు లోపే తిరిగేది. మెల్లగా తిరిగే ఇంజన్‌లో థ్రాటిల్ బిళ్ల ఎక్కువ తెరుచుకుంటుంది, రాపిడి తగ్గుతుంది. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర మాత్రం దాని బరువూ పరిమాణమూ లెక్క అప్పజెప్పించుకునేవి.

ఎనభైల మధ్యలో చమురు ధర పడిపోయింది, ప్రభుత్వం 1986 మోడళ్ల మైలేజీ లక్ష్యాన్నీ 26 మైళ్లకు సడలించింది. అక్కడి నుంచి లాభమంతా శక్తి వైపే ప్రవహించింది. అమెరికాలో అమ్ముడైన కొత్త కార్లు, తేలికపాటి ట్రక్కులన్నింటి సగటు 1975లో గ్యాలనుకు 13.1 మైళ్లు, అంటే లీటరుకు 5.6 కిలోమీటర్లు. 1987 నాటికి అది 22 మైళ్లకు ఎగబాకింది. 2004 నాటికి 19.3కి దిగజారింది. శక్తి సగటు మాత్రం 1975లో 137, 2004లో 211 హార్స్‌పవర్. ఆర్థికవేత్త క్రిస్టఫర్ నిటెల్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో బరువునూ శక్తినీ టార్కునూ 1980 స్థాయిలోనే ఆపి ఉంటే 2006 నాటికి మైలేజీ దాదాపు 60 శాతం పెరిగి ఉండేదని లెక్కగట్టాడు. 1987 తర్వాత పదిహేడేళ్ల ఇంజనీరింగ్ ప్రగతి జరిగాక మైలేజీ వెనక్కి పోయిందంటే అది అశక్తత కాదు, ఎంపిక. చమురు కోసం ఆ దేశమూ ప్రపంచమూ చెల్లించిన మూల్యం చూస్తే అది పొరపాటు ఎంపికే.

సగటులో ట్రక్కులూ కలిశాయి కదా, సెడాన్లను నిందించడం న్యాయమా అన్న అభ్యంతరం సబబే. ట్రక్కులూ ఎస్‌యూవీలూ పెరగడమే సగటు పడడానికి పెద్ద కారణం. కానీ సెడాన్‌ను విడిగా తీసుకున్నా కథ మారదు. కామ్రీ మొదట 1983లో అమెరికాకు వచ్చినప్పుడు 92 హార్స్‌పవర్. దాని వీ6 1992లో 185కు, 2007లో 268కి, 2018లో 301కి చేరింది. మనుషులు మాత్రం అదే ఐదుగురు. బరువు పెరిగింది భద్రత కోసమేనన్నది ఇంకో వాదన. ఎయిర్‌బ్యాగులు, గట్టి తలుపులు ప్రాణాలు కాపాడాయి. ఆ కిలోలను ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ భద్రత అడిగింది బరువునే, ఇంజన్ శక్తిని మూడింతలు చేయమని కాదు. హైవేలోకి కలిసేటప్పుడు పికప్ లేకపోతే ప్రమాదమన్న మాటలో నిజం ఉంది. 92 హార్స్‌పవర్‌తో, ఐదుగురితో, నిండిన డిక్కీతో లారీల మధ్యకు దూరడం సుఖం కాదు. ఆ అవసరం 150, 180 దగ్గర తీరిపోతుంది. 300 దాకా పోవడానికి ఆ వాదన ఊతం కాదు.

అన్నింటికన్నా బలమైన అభ్యంతరం ఒకే మోడల్ కారుకు దొరికే రెండు ఇంజన్ల నుంచి వస్తుంది. 2018 కామ్రీలో 203 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల ఇంజన్ ఊరూ హైవే కలిపి గ్యాలనుకు 32 మైళ్లు, అంటే లీటరుకు 13.6 కిలోమీటర్లు ఇస్తుంది. 301 హార్స్‌పవర్ వీ6 ఇచ్చేది 26 మైళ్లు, లీటరుకు 11. శక్తికి వెల ఉందని ఇది ఒప్పుకోక తప్పని సాక్ష్యం. అయితే అదే ఏడాది, అదే బాడీలో మూడో రకం ఉంది: 208 హార్స్‌పవర్ హైబ్రిడ్, దాని మైలేజీ 52 మైళ్లు, లీటరుకు 22. మామూలు నాలుగు సిలిండర్ల కన్నా అయిదు హార్స్‌పవర్ ఎక్కువ ఇస్తూనే ఇది ఒకటిన్నర రెట్లకు పైగా దూరం పోతుంది. వెల శక్తికి కాదు, శక్తిని పుట్టించే తీరుకని ఈ మూడు కార్లు పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి. హైబ్రిడ్‌లో బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని బ్యాటరీ దాచుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది. కారును కదిలించే బరువైన పనిని మోటారు మోస్తుంది. ఇంజన్ తనకు అనువైన భారంలోనే తిరుగుతుంది.

చిన్న టర్బో ఇంజన్లు ఇంకో పరిష్కారం. 2018 అకార్డ్ వీ6ను వదిలేసి 1.5 లీటర్ల టర్బోతో 192, 2 లీటర్ల టర్బోతో 252 హార్స్‌పవర్ అందించింది. మెల్లగా పోయేటప్పుడు చిన్న ఇంజన్, తొక్కినప్పుడు పెద్ద ఇంజన్ అన్నది దీని సూత్రం. కాలు బరువైన డ్రైవరు చేతిలో ఆ పొదుపు కరిగిపోతుంది. టర్బో ఊదినప్పుడల్లా అది పెద్ద ఇంజన్‌లాగే పెట్రోలు అడుగుతుంది. పరీక్షా కేంద్రంలో తేలిన మైలేజీ అంకెలు నిజ జీవితంలో అందకపోవడం కొత్తేమీ కాదు. ప్రభుత్వపు పాత హైవే పరీక్షలో సగటు వేగం గంటకు 48 మైళ్లే. 1985లో అంకెలకు తగ్గింపు వేశారు. 2008 నుంచి అతివేగం, ఏసీ, చలి వాతావరణం కూడా లెక్కలోకి తెచ్చారు. 2008కి ముందు నాటి కారు మైలేజీ స్టిక్కరును ఈనాటి స్టిక్కరుతో సరిపోల్చేవాళ్లు పాత కారుకు తెలియకుండానే అదనపు మార్కులు వేస్తున్నట్టే.

హైబ్రిడ్ కూడా పుట్టుకతోనే పొదుపు పక్షాన చేరలేదు. 2005 అకార్డ్ హైబ్రిడ్‌లో హోండా మోటారును 3 లీటర్ల వీ6కే జతచేసి 255 హార్స్‌పవర్ రాబట్టింది. మామూలు వీ6 శక్తి 240. పొదుపు కోరినవాళ్లకు అది ఖరీదెక్కువ, వేగం కోరినవాళ్లకు హైబ్రిడ్ అన్న మాటే అక్కర్లేదు. కొద్దికాలానికే అమ్మకాలు లేక ఆగిపోయింది. నాలుగు సిలిండర్లకు మోటారు కలిపి, మొత్తం 187 హార్స్‌పవర్‌తో 2007 మోడల్‌గా వచ్చిన కామ్రీ హైబ్రిడ్ నిలదొక్కుకుంది. ఆ వంశం కార్లనే 2013 నుంచి బెంగళూరు దగ్గర బిడదిలో జోడించి మన దేశంలోనూ అమ్ముతున్నారు.

ఈలోగా పాత పెద్ద సెడాన్లు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. టారస్ 2019లో, ఇంపాలా 2020లో అమెరికా ఫ్యాక్టరీల నుంచి చివరిసారి బయటికొచ్చాయి. కొనేవాళ్లు ఎస్‌యూవీల వైపు మళ్లారు. నిలిచిన కామ్రీ 2025 మోడల్‌తో వీ6నూ మామూలు పెట్రోలు ఇంజన్‌నూ పూర్తిగా వదిలేసి హైబ్రిడ్‌గా మాత్రమే మిగిలింది. ముందు చక్రాలను మాత్రమే తిప్పే రకంలో శక్తి 225 హార్స్‌పవర్; అందులో ఎక్కువ మైలేజీ ఇచ్చేది గ్యాలనుకు 51 మైళ్లు పోతుంది. 2018లో ఇదే స్థాయి హైబ్రిడ్ అంకెలు 208, 52.