ఓడమీద మారెడు గడియ



మొన్న ఏప్రిల్ 15వ తేదీన మా బోనకల్లులో ఇంటివాకిట నొక కఱ్ఱను నిలువుగ పాతి, దానిచుట్టు త్రాటితో ఒక వలయము గీచితిని. ఉదయము కఱ్ఱనీడ తగ్గుచు వచ్చి వలయమును తాకిన వేళను వ్రాసికొంటిని. మధ్యాహ్నము నీడ పెరుగుచు పోయి మరల తాకిన వేళను వ్రాసికొంటిని. ఆ రెండింటి నడిమి వేళయే మిట్టమధ్యాహ్నము. లెక్క చూడగా అది 12 గంటల 9 నిమిషములు. ప్రక్కయింటి పెద్దమనిషి చూచి, “గడియారము చెడినదేమో, మరమ్మతు చేయింపుడు” అనెను. గడియారము చెడలేదు, సూర్యుడును ఆలస్యము చేయలేదు. ఆ 9 నిమిషముల వెనుక నొక చరిత్ర కలదు. అది మన వాకిట మొదలై, ఓడలమీద సముద్రములు తిరిగి, తుదకు మన యిండ్లలోని తద్దినముల వఱకు వచ్చును. అదియే నేటి ప్రసంగము.

భూమి ఒక దినములో 360 భాగలు తిరుగును. ఒక్కొక్క భాగకు 4 నిమిషములు, అనగా మన పెద్దల లెక్కలో 10 విఘడియలు. తూర్పున నున్న ఊరికి సూర్యుడు ముందు వచ్చును, పడమట నున్న ఊరికి వెనుక వచ్చును. ఇది తెల్లవారు తెచ్చిన జ్ఞానమని కొందఱు తలంతురు గాని, అట్లు కాదు. సూర్యసిద్ధాంతము లంకనుండి ఉజ్జయినిమీదుగ పోవు రేఖను నడిమిరేఖగా గైకొని, ఇతర స్థలముల తేడాకు దేశాంతరమని పేరు పెట్టినది. దానిని కనుగొను ఉపాయమును గూడ చెప్పినది. నడిమిరేఖకు గణించిన వేళకంటె చంద్రగ్రహణము మన యూర ఆలస్యముగ కనబడెనేని మనము తూర్పున నున్నాము, ముందుగ కనబడెనేని పడమట నున్నాము. చంద్రగ్రహణమన్నది లోకమంతకు ఒకే క్షణమున జరుగును, దానిని కొలుచు గడియ మాత్రమే ఊరూర వేఱు. ఈ మాటను మఱవకుడు, తరువాత పనికివచ్చును. బోనకల్లు ఉజ్జయినికి సుమారు నాలుగున్నర భాగల తూర్పున నున్నది గనుక మన దేశాంతరము 18 నిమిషములు, అనగా 45 విఘడియలు.

పూర్వము ఏ యూరి గడియ ఆ యూరిదే. ఎడ్లబండిలో పోవువానికి ఒకటి రెండు నిమిషములతో నేమి పని? పని పడినది మొదట ఓడవానికి. నడిసముద్రమున తాను తూర్పు పడమరలలో ఎచ్చట నున్నాడో తెలియుటకు, ఎఱిగిన యొక రేవు కాలమును తనయొద్ద నున్న సూర్యుని కాలముతో పోల్చవలెను. 1792లో కంపెనీవారు మద్రాసులో నక్షత్రశాలను నిలుపుటకు నౌకాయానపు అక్కఱయు నొక కారణము. అచ్చట పనిచేసిన గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు కాలమును స్థిరపఱచెను. అది గ్రీనిచ్ కాలమునకు ఇంచుమించు 5 గంటల 21 నిమిషములు ముందు. తరువాత రైళ్లు వచ్చినవి. బొంబాయి గడియ ఒకటి, కలకత్తా గడియ మఱియొకటి. ఆ రెండింటికి నడుమ నుండుటచే 1870 ప్రాంతము మొదలుకొని దేశములోని రైళ్లు మద్రాసు కాలమును పట్టుకొనినవి.

ఇచ్చట ఒక చిత్రము కలదు. మద్రాసు నక్షత్రశాల రేఖను ఉత్తరమునకు సాగదీసినచో అది మన బోనకల్లు ప్రక్కనే పోవును. మన మార్గమున రైలు బెజవాడవఱకు 1889లో వచ్చినది. ఆ దినములలో మద్రాసు కాలము చూపు గడియారమును మన యూరికి తెచ్చియున్నచో, అది మన పొలముల సూర్యునితో సగటున ఇంచుమించు ఒక నిమిషములోపల సరిపోయెడిది. 1906 జనవరి 1వ తేదీ మొదలు 82½ భాగల రేఖను దేశమంతటికి ప్రమాణముగ గైకొనిరి. ఆ రేఖ మన తెలుగునేలమీదనే, కాకినాడ సమీపమున పోవుచున్నది. మనము దానికి పడమట నున్నాము గనుక మన సూర్యుడు సగటున 9 నిమిషములు వెనుకబడెను. సంవత్సరములో కొన్నాళ్లు ఈ తేడా హెచ్చును, కొన్నాళ్లు తగ్గును. ఏప్రిల్ నడుమ అది సగటునకు సరిపోవును గనుకనే నేను ఆ దినమును ఎన్నుకొంటిని. మహాయుద్ధకాలమున, 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు నడిమివఱకు, దొరతనమువారు గడియారములను మఱియొక గంట ముందునకు త్రిప్పిరి. ఆ గంటను సూర్యుడెఱుగడు, కోడియు నెఱుగదు.

ఊరిలో కూర్చున్నవాని గడియను మార్చునది దొరతనము. ఓడలో పోవువాని గడియను మార్చునది ప్రయాణమే. దీని నెఱుగక తికమకపడినవారిలో మొదటివారు స్పెయిను దేశపు నావికులు. 1519లో మాగెల్లన్‌తో బయలుదేరిన అయిదు ఓడలలో భూమిని చుట్టి వచ్చినది విక్టోరియా యొక్కటే. 1522 జూలై 9వ తేదీన అది కేప్‌వర్డ్ దీవులను చేరునప్పటికి ఓడలెక్కకు బుధవారము, గట్టువారికి గురువారము. పిగఫెట్టా యను నతడు దినమొక్కటి తప్పకుండ వ్రాసికొనుచు వచ్చెను, అయినను ఒక దినము పోయినది. పడమటికి సూర్యునివెంట పోయి పోయి వారు ఒక ఉదయమును తక్కువగ చూచిరి. ఆ దినమును దొంగ యెవ్వడును ఎత్తుకొనిపోలేదు. రోజుకు కొన్ని నిమిషములు చొప్పున మూడేండ్లు జాఱిపోయినది.

మనవారును సముద్రము దాటిరి. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి లక్షలకొలది తెలుగువారు పొట్టకూటికై స్టీమరులలో రంగూనుకు పోయి వచ్చిరి. రంగూను గడియ మనకంటె ఇంచుమించు గంట ముందు. 1903 మొదలు మద్రాసు రేవునుండి కూలీల యోడలు ఫిజీకి పోయినవి. ఆ దీవుల గడియ నేటి లెక్కకు మనకంటె ఆఱున్నర గంటలు ముందు. ఇచ్చట తల్లి తెల్లవాఱుజామున ఆఱింటికి వాకిలి ఊడ్చునప్పటికి అచ్చట కుమారుడు చెఱకుతోటలో మధ్యాహ్నపు ఎండ క్రింద నుండెను.

నేను కొన్నేండ్ల క్రిందట విశాఖపట్టణమునుండి పోర్ట్‌బ్లెయిరుకు ఓడలో పోతిని. రెండు దినములకు మించిన ప్రయాణము. దేశమొక్కటే గనుక ఓడలో గడియారమును త్రిప్పలేదు, అయినను సూర్యుడు త్రిప్పెను. అయిదు దాటిన కొద్ది నిమిషములకే ప్రొద్దు పొడిచినది. మన యూరికిని ఆ దీవికిని ఇంచుమించు 50 నిమిషముల తేడా. చేతి గడియారమును నమ్మి పండుకొన్నవాడనై మొదటి ఉదయపు సంధ్యను పోగొట్టుకొంటిని. రెండవనాడు ఆకసమును చూచి లేచితిని. పరదేశములకు పోవు విహారనౌకలలో గడియను త్రిప్పవలసివచ్చినపుడు సాధారణముగ రాత్రివేళ ఒక గంట త్రిప్పి, ముందుగ చాటింతురు. తూర్పునకు పోవునపుడు నిద్రలో గంట తగ్గును, అది దేహమునకు కష్టము. పడమటికి పోవునపుడు గంట పెరుగును, అది సులభము. అట్టి ప్రయాణము చేయు పెద్దలు త్రిప్పెడు రాత్రి కొంచెము ముందుగ పండుకొని, ఉదయపు టెండలో కొంతసేపు నడచి, భోజనమును ఓడగంట ప్రకారమే చేయవలెను. రేవులో దిగినవారు గట్టు గడియారమును చూచి తిరుగరాదు, ఓడ తన గంటకు కదలిపోవును. వేళకు మందు పుచ్చుకొనువారు బయలుదేరక ముందే వైద్యునితో మాటలాడవలెను.

ఇక ఇంటి సంగతి. నేడు మన పల్లెలలో అమెరికాకు పిల్లలను పంపిన యిండ్లు పెక్కు. తండ్రి తద్దినము ఏ దినమున పెట్టవలెనని కుమారుడు అచ్చటినుండి అడుగును. ఇచ్చటి పంచాంగము చూచి మనము తేదీ చెప్పుదుము, పొరపాటు అక్కడనే పుట్టును. తిథి యనునది సూర్యచంద్రుల నడిమి దూరము. గ్రహణమువలె అదియు లోకమంతకు ఒకే క్షణమున మారును. మనకు ఉదయము ఆఱున్నరకు ముగిసిన తిథి, శీతకాలమున న్యూయార్కులో ముందునాటి రాత్రి ఎనిమిది గంటలకే ముగియును. అపరాహ్ణమో, అది నిలిచిన చోటి సూర్యునిది. కావున తిథి ముగియు క్షణమును ఆ యూరి గడియకు మార్చుకొని, ఆ యూరి అపరాహ్ణమున తిథి యున్న దినమును చూడవలెను. ఒక్కొక్కప్పుడు మన తేదీకి ఒక దినము తేడా వచ్చును. దానికై కుమారుని నిందింపరాదు. అతడు తన తలమీది సూర్యుని లెక్కించుచున్నాడు, మన పెద్దలు దేశాంతరమని చెప్పినదియు అదియే.

పిగఫెట్టా దినమును పోగొట్టుకొన్నది లెక్క తప్పుటవలన గాదు, చోటు మాఱినదని తలంపకపోవుటవలన. చోటు మాఱినపుడు గడియ మార్చుకొనుట తప్పు గాదు. ఏ క్షణమును తలచుకొనుచున్నామో అది మఱవకుండుటయే ముఖ్యము.