జబ్బు ఒకటి... లెక్క మరొకటి
తీవ్ర వ్యాధిగ్రస్తులు ఏ పింఛనుకు, ఎక్కడ దరఖాస్తు చేసుకోవాలి?

శ్రీకాకుళం: ఉద్దానంలో కొబ్బరిచెట్టు ఎక్కి కాయలు దించే కూలీకి మూత్రపిండాలు దెబ్బతింటే ముందుగా పోయేది చేతిలోని పని. వారంలో రెండు మూడు రోజులు డయాలసిస్ కేంద్రంలోనే గడిచిపోతాయి. మిగిలిన రోజుల్లో నీరసం మంచం దిగనివ్వదు. అటువంటి వ్యక్తి దివ్యాంగుల పింఛను ఆశతో సదరం శిబిరానికి వెళితే రిక్తహస్తాలతో తిరిగివచ్చే అవకాశమే ఎక్కువ. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, చూపు ఉన్నది, వినికిడి ఉన్నది. కనుక చట్టం లెక్కలో ఆయన దివ్యాంగుడు కాడు. విచిత్రమేమిటంటే, అదే వ్యక్తికి అదే ప్రభుత్వం మరొక పద్దు కింద నెలకు పదివేల రూపాయలు ఇస్తున్నది. ఏ తలుపు తట్టాలో తెలియక నెలలు వృథా చేసుకుంటున్న కుటుంబాలకు ఈ తేడా తెలియడం అత్యవసరం.

చట్టం చూసేది జబ్బును కాదు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలు మాత్రమే ఉండగా, కొత్త చట్టం వాటిని 21కి పెంచింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, కండరాల క్షీణత, హీమోఫీలియా, తలసేమియా, సికిల్‌సెల్ వంటి వ్యాధులు పేరుతో సహా ఇందులో చేరాయి. మూత్రపిండాల వ్యాధి, క్యాన్సర్, గుండె జబ్బు, కాలేయ వ్యాధి మాత్రం ఈ జాబితాలో లేవు.

అంతమాత్రాన ఆ రోగులకు దారి మూసుకుపోయినట్లు భావించనక్కరలేదు. జబ్బు వల్ల శరీరం శాశ్వతంగా ఏమి కోల్పోయిందో దానిని చట్టం లెక్కిస్తుంది. మధుమేహం వైకల్యం కాదు. దానివల్ల చూపు పోయినా, కాలు తొలగించవలసి వచ్చినా అది వైకల్యమే. గొంతు క్యాన్సర్ వైకల్యం కాదు. స్వరపేటిక తొలగించినందువల్ల మాట పోతే అది మాట, భాషా వైకల్యం కిందకు వస్తుందని చట్టంలోనే స్పష్టంగా ఉన్నది. పక్షవాతం వచ్చి చేయి, కాలు స్వాధీనం తప్పితే అది చలన వైకల్యం. కనుక శిబిరంలో వైద్యునికి చెప్పవలసింది జబ్బు పేరు ఒక్కటే కాదు, దానివల్ల ఏ అవయవం ఏ మేరకు పనిచేయడం లేదన్నది కూడా.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే పింఛను, ఇతర ప్రధాన సదుపాయాలు వర్తిస్తాయి.

పింఛన్లలో రెండు దారులు

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో సామాజిక పింఛన్లకు ఎన్టీఆర్ భరోసా అని పేరు మార్చి, మొత్తాలను సవరించారు. పెరిగిన పింఛన్లను అదే ఏడాది జూలై 1 నుండి పంపిణీ చేశారు. తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి సంబంధించి వీటిలో రెండు వేర్వేరు దారులు ఉన్నాయి.

మొదటిది దివ్యాంగుల పింఛను. సదరం ధ్రువపత్రంలో 40 శాతం, ఆపైన వైకల్యం నమోదైనవారికి నెలకు రూ.6,000 చెల్లిస్తారు.

రెండవది వ్యాధిని బట్టి ఇచ్చే ఆరోగ్య పింఛను. డయాలసిస్ చేయించుకుంటున్న కిడ్నీ రోగులకు, తలసేమియా, సికిల్‌సెల్, తీవ్ర హీమోఫీలియా బాధితులకు, మూత్రపిండం, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారికి, రెండు కాళ్లకూ నాలుగో దశ బోదకాలు ఉన్నవారికి నెలకు రూ.10,000 నిర్ణయించారు. డయాలసిస్ దశకు చేరని కిడ్నీ రోగుల్లో సీరం క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటినవారు, ఈజీఎఫ్ఆర్ 15 కంటే తగ్గినవారు, మూత్రపిండాలు కుంచించుకుపోయినవారు కూడా ఇందులోకి వస్తారు. పక్షవాతంతో గాని, తీవ్రమైన కండరాల క్షీణతతో గాని, ప్రమాదం వల్ల గాని మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తారు.

ఒక వ్యక్తికి ఒకే పింఛను లభిస్తుంది. రెండు దారులకూ అర్హత ఉన్నవారు ఎక్కువ మొత్తం వచ్చే పద్దును ఎంచుకోవడం మంచిది. ఉదాహరణకు సికిల్‌సెల్ బాధితుని వ్యాధి అటు చట్టంలోని 21 రకాల్లోనూ, ఇటు ఆరోగ్య పింఛన్ల జాబితాలోనూ ఉన్నది. ఆయన పింఛను కోసం ఆరోగ్య పద్దును ఆశ్రయించినా, విద్యా రిజర్వేషన్ల కోసం వైకల్య ధ్రువపత్రం తీసుకోవడం లాభదాయకం.

సదరం స్లాటు ఎలా?

ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సదరం విధానంలో వైకల్య శాతాన్ని ప్రభుత్వ వైద్యులు పరీక్షించి కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. శిబిరానికి నేరుగా వెళ్లడం కుదరదు. గ్రామ, వార్డు సచివాలయంలో గాని, మీసేవ కేంద్రంలో గాని ఆధార్ కార్డు, ఫోన్ నంబరు ఇచ్చి ముందుగా స్లాటు తీసుకోవాలి. వైకల్య రకాన్ని బట్టి ఏ ఆసుపత్రికి ఏ తేదీన రావాలో అందులో తెలుపుతారు.

స్లాటు తీసుకునేటప్పుడు వైకల్య రకాన్ని సరిగా నమోదు చేయించడం ముఖ్యం. కంటి చూపు తగ్గినవారి పేరు పొరపాటున ఎముకల విభాగంలో పడితే ఆ రోజు ప్రయాణం వృథాయే. డయాలసిస్ రోగులైతే తమకు రక్తశుద్ధి లేని రోజున తేదీ దొరికేలా చూసుకోవాలి.

శిబిరానికి తీసుకువెళ్లవలసినవి: ఆధార్ కార్డు, స్లాటు రసీదు, ఇటీవలి ఫొటోలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రాలు, స్కానింగు, ఎక్స్‌రే, రక్తపరీక్షల నివేదికలు, వాడుతున్న మందుల చీటీలు. నివేదికలను తేదీల వారీగా, పాతవి అడుగున, కొత్తవి పైన అమర్చుకుంటే వైద్యునికి జబ్బు ఎలా ముదిరిందో ఒక్క చూపులో అర్థమవుతుంది. అసలు పత్రాలు ఎవరికీ వదిలిరాకుండా నకళ్లు మాత్రమే ఇవ్వడం క్షేమం. ఎక్కువసేపు మాట్లాడలేని రోగులు తమ ఇబ్బందులను కుటుంబసభ్యులతో ముందే ఒక కాగితంపై రాయించుకోవచ్చు. ఎంత దూరం నడవగలరు, మెట్లు ఎక్కగలరా, స్నానానికి, భోజనానికి ఎవరి సాయం కావాలి వంటి విషయాలు అందులో ఉండాలి. వైద్యుని ఎదుట బింకంగా ‘ఫరవాలేదు’ అని చెప్పడం చాలామందికి అలవాటు. ఉన్న కష్టాన్ని తగ్గించి చెప్పడం వల్ల శాతం తగ్గే ప్రమాదమున్నది. లేనిది చెప్పడమూ నేరమే. అర్హత లేకుండా మోసపూరితంగా ప్రయోజనం పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలు చట్టంలో ఉన్నది.

ధ్రువపత్రం తాత్కాలికమా, శాశ్వతమా అన్నది చూసుకోవాలి. మెరుగుపడే అవకాశమున్న స్థితికి కాలపరిమితితో తాత్కాలిక పత్రం ఇస్తారు. గడువు ముగియకముందే తిరిగి స్లాటు తీసుకోకపోతే పింఛను నిలిచిపోయే ప్రమాదముంటుంది.

దేశమంతటా చెల్లుబాటయ్యే యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం దరఖాస్తుపై వైద్యాధికారులు మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

ఆరోగ్య పింఛనుకు ఆసుపత్రే ఆధారం

నెలకు రూ.10,000 ఇచ్చే ఆరోగ్య పింఛన్లలో సదరం శాతంతో పని లేదు. ఇక్కడ వ్యాధి నిర్ధారణ పత్రమే కీలకం. జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ ధ్రువీకరణ మీదనే మంజూరు ఆధారపడుతుంది. డయాలసిస్ రోగులు తాము చికిత్స పొందుతున్న కేంద్రం నుండి ఎప్పటి నుండి, వారానికి ఎన్నిసార్లు రక్తశుద్ధి జరుగుతున్నదో తెలిపే పత్రం తీసుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నవారు కూడా అర్హులే. డయాలసిస్ ఇంకా అవసరం కానివారు క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ నివేదికలను ప్రతిసారీ భద్రపరచుకోవాలి. ఒక్క నివేదిక పోయినా అర్హత ఏ నాటి నుండి వచ్చిందో చూపడం కష్టమవుతుంది.

ఈ పింఛనుకు ఉద్దానం వ్యథకూ దగ్గరి సంబంధమున్నది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ వ్యాధి ప్రబలి ఉన్నది. డయాలసిస్ రోగుల పింఛనును 2019లో రూ.10,000కు పెంచారు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

కుటుంబ వివరాలే అడ్డంకి

జబ్బు నిర్ధారణ అయినా ఇంటి వివరాల వద్ద దరఖాస్తులు ఆగిపోవడం సాధారణం. పింఛన్లకు గ్రామాల్లో నెలకు రూ.10 వేలు, పట్టణాల్లో రూ.12 వేలు ఆదాయ పరిమితిగా పెట్టారు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించరాదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను చెల్లించేవారు, టాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాని నాలుగు చక్రాల వాహనం ఉంటే అనర్హతగా పరిగణిస్తారు. విద్యుత్ వినియోగం నెలకు సగటున 300 యూనిట్లు దాటరాదు. వేరుపడి వెళ్లిన కుమారుని పేరు ఇంకా తల్లిదండ్రుల ఇంటి వివరాల్లోనే ఉంటే, ఆయన పన్ను చెల్లింపు రోగికి అడ్డుపడుతుంది. దరఖాస్తుకు ముందే సచివాలయంలో ఈ వివరాలు సరిచూసుకోవాలి. సాధారణంగా కుటుంబానికి ఒకే పింఛను అన్న నియమం ఉన్నప్పటికీ, తీవ్ర వైకల్యం ఉన్నవారికి, డయాలసిస్ రోగులకు మినహాయింపు ఉన్నది.

కొత్త పింఛన్ల మంజూరు ప్రభుత్వ ఉత్తర్వులను అనుసరించి జరుగుతుంది. ఉత్తర్వు వెలువడిన తరువాత ధ్రువపత్రం కోసం పరుగెత్తేకంటే ముందే సిద్ధం చేసుకోవడం ఉత్తమం.

తిరస్కరిస్తే?

వైకల్య ధ్రువపత్రం ఇవ్వడానికి నిరాకరిస్తే ఆ విషయాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని చట్టంలోని 58వ సెక్షన్ చెబుతున్నది. ఆ పత్రం అడిగి తీసుకోవడం దరఖాస్తుదారుని హక్కు. నిర్ణయం నచ్చనివారు 59వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారిని 90 రోజుల్లోగా ఆశ్రయించవచ్చు. రోగి స్వయంగా వెళ్లలేని స్థితిలో ఉంటే సంరక్షకుడు అప్పీలు చేయవచ్చు.

ఇప్పటికే పింఛను పొందుతున్నవారికి కూడా ఈ జాగ్రత్త అవసరమే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల, ఆరోగ్య పింఛన్ల పునఃపరిశీలన ప్రారంభించింది. మొదట మంచానికి పరిమితమైనవారి ఇళ్లకే వైద్య బృందాలు వెళ్లాయి. అదే ఏడాది ఆగస్టులో పలువురికి నోటీసులు అందగా, ఆందోళనల నేపథ్యంలో అప్పీలుకు అవకాశం కల్పించారు. నోటీసు వచ్చినంత మాత్రాన అంతా పోయినట్లు కాదు. తేదీ చూసుకుని, గడువులోగా మండల పరిషత్ అభివృద్ధి అధికారికి లేదా మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు సమర్పించి రసీదు పొందాలి. నోటీసును పక్కన పడేసి ఊరుకోవడమే అసలు నష్టం.

చికిత్స కోసం విశాఖపట్నమో, హైదరాబాదో వెళ్లినవారు ఒకటో తేదీన ఇంట్లో లేకపోతే కంగారు పడనవసరం లేదు. వరుసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి తీసుకునే వెసులుబాటు 2024 డిసెంబరు నుండి ఉన్నది. మూడో నెల కూడా దాటితే పింఛను ఆగిపోతుంది.

రెండు జాబితాల్లోనూ లేనివారు

క్యాన్సర్, గుండె జబ్బు రోగుల్లో అనేకులు ఈ రెండు దారులకూ బయటే మిగిలిపోతున్నారు. గుండె మార్పిడికి పింఛను ఉన్నది గాని, గుండె బలహీనపడి పని మానుకున్నవారికి లేదు. అటువంటివారు వృద్ధాప్య, వితంతు వంటి ఇతర పింఛన్లకు అర్హత ఉన్నదేమో పరిశీలించుకోవాలి. చికిత్స ఖర్చుకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ఆసరాగా ఉంటుంది. ఆరోగ్యశ్రీ పేరుతో ఈ పథకం 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి.

రైలు ప్రయాణంలోనూ రాయితీ ఉన్నది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగులకు స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో ప్రయాణం ఉచితం. డయాలసిస్, కిడ్నీ మార్పిడి రోగులకు అవే తరగతుల్లో 75 శాతం రాయితీ లభిస్తుంది. వెంట వెళ్లే ఒక సహాయకునికి కూడా రాయితీ ఉన్నది. ఇందుకు సదరం పత్రం అక్కరలేదు. చికిత్స చేస్తున్న ఆసుపత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చే పత్రం చాలు.

‘చూడడానికి బాగానే ఉన్నాడు కదా’ అన్న మాట ఈ రోగులకు ఊళ్లోనూ, కార్యాలయంలోనూ ఎదురవుతూనే ఉంటుంది. లోపలి జబ్బుకు బయట గుర్తు ఉండదు. దాని తరఫున మాట్లాడేవి ఆసుపత్రి కాగితాలే. ప్రతి నివేదికనూ, ప్రతి రసీదునూ ఒక సంచిలో భద్రపరచి, రోగితో పాటు ఇంట్లో మరొకరికి కూడా ఆ వివరాలు తెలిసి ఉంటే దరఖాస్తు సగం పూర్తయినట్లే.