పత్తి పండే ఊళ్లో ఊలు ఉండ

ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో పత్తికి కొదవ లేదు, దారానికే కొదవ. దసరా దాటిందంటే చుట్టుపక్కల నల్లరేగడి చేలన్నీ తెల్లబడతాయి. ఇంటిల్లిపాదీ పత్తి ఏరడానికి పోతారు, బళ్లో హాజరు పలచబడుతుంది. ఏరిన పత్తి మార్కెట్ యార్డుకు, అక్కడి నుంచి జిన్నింగు మిల్లుకు, బేళ్లు కట్టుకొని ఎక్కడెక్కడి ఊళ్లకో పోతుంది. తిరిగి ఈ అంగడికి వచ్చేది ఫ్యాన్సీ దుకాణంలో గాజులు, రిబ్బన్ల పక్కన వేలాడే రంగురంగుల ఊలు ఉండలు. అవీ చాలామటుకు పత్తివి కావు, గొర్రె బొచ్చువీ కావు, అక్రిలిక్‌వి. పొచ్చెర జలపాతం చూసి పోదామని వచ్చేవాళ్ల కంట అవి పడవు. ఏడెనిమిదేళ్ల పిల్లకు మాత్రం దుకాణంలో అడుగు పెట్టగానే అవే కనబడతాయి.

క్రోషియా మొదలుపెట్టడానికి కావలసింది చాలా తక్కువ. కొన వంగిన సూది ఒకటి, దారం ఒక ఉండ. ముందు ఒక ముడి. ముడిలోంచి దారం లాగితే ఒక కన్ను, ఆ కన్నులోంచి లాగితే ఇంకో కన్ను. జడ అల్లుకోవడం వచ్చిన పిల్లకు ఈ గొలుసు ఒక్క పూటలో పట్టుబడుతుంది. మొదటి రోజు వేసేది గొలుసే, రెండో రోజూ గొలుసే. ఇంటి గడప నుంచి వాకిలి దాకా వచ్చినా ఆపబుద్ధి కాదు. స్వెటర్ అల్లే రెండు సూదుల పని వేరు. అందులో పదుల కొద్దీ కన్నులు సూది మీద నిలబడి ఉంటాయి, ఒకటి జారితే ఏడుపే. క్రోషియాలో ఒక వేళకు ఒక్క కన్నే తెరిచి ఉంటుంది. తప్పు పోతే కొన పట్టి లాగితే చాలు, చివరి దాకా ఊడివచ్చి మళ్లీ దారమే మిగులుతుంది. లెక్కల నోటుబుక్కులో కొట్టివేతల మచ్చ అట్లాగే ఉండిపోతుంది, ఈ పనిలో తప్పు జాడ కూడా మిగలదు. పిల్లలకు ఇది నచ్చడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

గొలుసు తరువాత గుండ్రం. చిన్న కుట్టుతో మొదటి వరసలో ఆరు కన్నులు, రెండో వరసలో పన్నెండు, మూడో వరసలో పద్దెనిమిది. వరసకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే చాప లాగా పరుచుకుంటుంది. పెంచడం మరిచిపోతే అంచులు పైకి లేచి టోపీ అవుతుంది. అవసరానికి మించి పెంచితే కోడిజుట్టు పువ్వు లాగా ముడుచుకుని మడతలు పడుతుంది. పిల్లలకు ఈ మూడో రకం చూస్తే నవ్వు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లాట్వియా దేశస్థురాలైన గణితజ్ఞురాలు డైనా టైమినా సరిగ్గా ఇట్లాగే పెంచుకుంటూ పోయి, గణితంలో హైపర్‌బోలిక్ తలం అనే ఈ మడతల రూపాన్ని చేత్తో పట్టుకుని చూడగలిగే వస్తువుగా అల్లింది. అంతకుముందు విద్యార్థులకు దాన్ని కాగితం ముక్కలు అతికించి చూపేవాళ్లు, నాలుగు చేతులు మారితే చిరిగిపోయేది. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కాచెల్లెళ్లు అదే పద్ధతిని పట్టుకుని సముద్రంలోని పగడపు దిబ్బలను ఊలుతో అల్లించే పని మొదలుపెట్టారు. బోథ్ పిల్ల ‘ఇట్లెందుకు ముడుసుకపోయిందే’ అని అక్కను అడిగే ప్రశ్న చిన్నదేమీ కాదు.

అయితే మన దేశంలో ఈ సూదీ దారం పిల్లల చేతికి ఆడుకోవడానికి రాలేదు.

1820ల్లో దక్షిణాన నాగర్‌కోయిల్‌లో మిషనరీ మార్తా మాల్ట్ ఆడపిల్లల బోర్డింగు బడి పెట్టి లేసు నేర్పింది. అది క్రోషియా కాదు, దిండు మీద గుండుసూదులు గుచ్చి కండెలతో అల్లే లేసు. దాని అమ్మకం మీద బడి నడిచింది. అంటే పిల్లలు చదువుకోవడానికి అయ్యే ఖర్చును ఆ పిల్లల వేళ్లే సంపాదించాయి. ఐర్లండులో 1845 తరువాత బంగాళాదుంప పంట కుళ్లి కరువు వచ్చినప్పుడు కాన్వెంట్లలో క్రోషియా నేర్పింది కూడా ఇంట్లో పొయ్యి వెలగడానికే. ఎలియనోర్ రియేగో అనే ఆమె నమూనా పుస్తకాలు అచ్చు వేయించి ఐర్లండు క్రోషియాను ఊరూరా వ్యాపింపజేసింది. ధనికుల ఇళ్ల మెడపట్టీలకూ పేదల కూటికీ ఒకే సూది పనికొచ్చిన కాలం అది.

మన గోదావరి దగ్గరికి ఈ విద్య వచ్చిన దారి చూస్తే, ఆదిలాబాద్ వాళ్లకు ఒక సంగతి దగ్గరిగా తోస్తుంది. గత శతాబ్దానికి ముందు శతాబ్దంలో ఆర్థర్ కాటన్, ఆయన తోటి ఇంజనీర్లు ఒక పెద్ద కోరిక పెట్టుకున్నారు. బేరార్, నాగపూర్, హింగన్‌ఘాట్ ప్రాంతాల పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి నదుల మీదుగా పడవల్లో దించి సముద్రానికి చేర్చాలని. హింగన్‌ఘాట్ అంటే ఎక్కడో కాదు, ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటి నాగపూర్ పోయే రోడ్డు మీద ఊరే. అక్కడి పత్తి, ఇక్కడి పత్తి ఒకే నల్లరేగడి బిడ్డలు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టర్ మిల్లులకు దూది కరువైనప్పుడు ఆ కోరికకు తొందర కూడా తోడైంది. కానీ గోదావరి అంత సులువుగా లొంగే నది కాదు. నడుమ రాతి అడ్డాలు, ఎండకాలం నీళ్లుండవు. ఆ అడ్డాలు దాటించడానికి భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు ఆ పని చూశాడు. ఈలోగా, 1867లో, రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కి బొంబాయి పోయింది. 1870ల మొదట్లో పడవల దారి పని ఆపేశారు.

పత్తి పడవలు దిగలేదు గానీ, ఆ పని మీద వచ్చిన మనుషుల వెంట మరొకటి దిగింది. హేగ్ భక్తిపరుడు. ఆయన పూనికతో దుమ్ముగూడెంలో కోయల నడుమ చర్చి మిషనరీ సొసైటీ మిషన్ మొదలైంది. తరువాత జాన్ కెయిన్ దంపతులు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నారు. వాళ్ల చేతుల మీదుగా దుమ్ముగూడెం లేసుకు పేరొచ్చింది. పత్తిని మోయడానికి కట్టిన రేవు దారాన్ని అల్లే ఊరైంది.

గోదావరి కిందికి, డెల్టాలో, నరసాపురం కథ ఇంకా పెద్దది. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో లేసు నేర్పారని అక్కడ వాడుకగా చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలో చేరిన దళిత కుటుంబాల ఆడవాళ్లు. తరువాత కాపుల ఇళ్లకు, ఇతర ఇళ్లకు పాకింది. పనిని ముక్కలు చేశారు. చేతిపని చేసేవాళ్లు పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లుతారు. అతుకుపని చేసేవాళ్లు వాటిని జతచేసి బల్లగుడ్డలు, దుప్పట్లు చేస్తారు. నడుమ ఏజెంట్లు, పైన ఎగుమతిదారులు. ఏ అరుగు మీద చూసినా అమ్మ పక్కన పిల్ల. ఆమె మొదట ఆడుకుంటున్నట్టే గొలుసు వేస్తుంది, పట్టుబడ్డాక పువ్వు వేస్తుంది, ఆ పువ్వు సరిగ్గా కుదిరిన రోజే లెక్కలోకి వస్తుంది. ఆట ఏ రోజున కూలిగా మారిందో ఆ పిల్లకూ తెలియదు, అమ్మకూ తెలియదు.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర నరసాపురం ప్రాంతంలో తిరిగి ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ రాసింది, 1982లో అచ్చయింది. రోజుకు ఆరేడు గంటలు అల్లినా ఆ ఆడవాళ్లకు వచ్చేది రూపాయి లోపే. ఎందుకంత తక్కువ అంటే, వ్యాపారులు దాన్ని పనిగా కాక ఇంట్లో కూర్చున్నవాళ్లు ఖాళీ వేళ చేసుకునేదిగా లెక్కగట్టారు కాబట్టి. ఆ పుస్తకం చదివాక ఐరోపా డైనింగ్ టేబుల్ మీది లేసు గుడ్డను మునుపటిలా చూడలేం. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గౌరవం మంచిదే. గజానికి ఎంత కూలి అన్నది మాత్రం గుర్తింపు పత్రం మీద ఉండదు.

ఇదంతా చదువుతుంటే పిల్లల సంబరం ఎక్కడికి పోయిందని అనుమానం వస్తుంది. దాని గురించి శ్రద్ధగా ఆలోచించినవాడు ఒకడున్నాడు, అది కూడా ఇక్కడ కాదు. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం ఆటవస్తువుల వరస తయారు చేశాడు. కిండర్‌గార్టెన్ అనే పేరు తరువాత పెట్టింది ఆయనే. ఆ వరసలో మొట్టమొదటిది ఊలు అల్లిన ఆరు బంతులు. ఎరుపు, పసుపు, నీలం, నారింజ, ఆకుపచ్చ, ఊదా. ఒక్కోదానికి ఒక తాడు. పసిపిల్ల దాన్ని పట్టుకుంటుంది, వదులుతుంది, ఊపుతుంది, రంగు గుర్తుపడుతుంది. అమ్మకానికి కాదు, కూలికి కాదు.

సరిగ్గా వందేళ్లకు, 1937 అక్టోబరులో, పెన్‌గంగకు అవతల వార్ధాలో గాంధీజీ విద్యా సదస్సు జరిపించాడు. జాకిర్ హుస్సేన్ కమిటీ ఇచ్చిన పథకంలో బడి రోజున మూడు గంటల ఇరవై నిమిషాలు చేతిపనికి కేటాయించారు. ముఖ్యమైన పని నూలు వడకడం. పిల్లల చేతికి తకిలీ, అంటే చేతి కదురు ఇచ్చారు. పిల్లలు వడికిన నూలుతో బడి ఖర్చు కొంతైనా వెళ్లాలని గాంధీజీ ఆశ. ఇది పిల్లలతో పని చేయించుకోవడమే కదా అని అప్పుడే కొందరు నిలదీశారు. ఆ నిలదీత న్యాయమైనదే. కానీ తకిలీ చేతబట్టిన పిల్లవాణ్ని ఎవరైనా చూసి ఉంటే ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వేళ్ల మధ్య తిప్పి వదలగానే అది బొంగరంలా గిర్రున తిరుగుతుంది, చేతిలోని దూది పోగై సాగుతుంది. దానికి నివేదికలో చోటు లేకపోవచ్చు, తరగతిలో ఉంటుంది. అప్పటికి బోథ్ నిజాం రాజ్యంలోని తాలూకా. వార్ధా గాలి ఇక్కడి బళ్ల దాకా నేరుగా రాలేదు. కరీంనగర్ వైపు మెట్‌పల్లి ఖాదీ మాత్రం పేరు నిలబెట్టుకుంది.

తెలుగు బళ్లలో చాలాకాలం ‘కుట్లు, అల్లికలు’ అని ఒక పీరియడు ఉండేది. ఆడపిల్లలకే. ఆ పీరియడులో నేర్చిన ఊలు పని ఇళ్లకు చేరి దర్వాజా తోరణాలైంది, వైరు బుట్టలు దానికి తోబుట్టువులయ్యాయి. ఎనభైల్లో టీవీ వచ్చినప్పుడు టీవీ మీద క్రోషియా గుడ్డ, ఫోను వచ్చినప్పుడు ఫోను మీద క్రోషియా గుడ్డ. మిక్సీనీ వదలలేదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ గుడ్డ మూలన ఉన్న వంకర పువ్వు ఆ ఇంటి పదేళ్ల పిల్లదే అయి ఉంటుంది, దాన్ని చుట్టాలకు చూపించనిదే అమ్మ ఛాయ్ పోసేది కాదు.

దారంతో పని ఈ జిల్లాకు బయటి నుంచే వచ్చిందనుకుంటే పొరపాటు. తెలంగాణలో చలి ముందు పలకరించేది ఆదిలాబాద్‌నే. డిసెంబరు, జనవరిల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి, ఒక్కో రాత్రి అయిదు దగ్గరికి దిగుతుంది. ఆ చలికి కాపలా కాసింది గొంగడి. దక్కనీ గొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. దక్కనీ గొర్రెలు తగ్గి, మాంసం కోసం పెంచే నెల్లూరు గొర్రెలు పెరిగాక ఆ బొచ్చే దొరకడం లేదు. లంబాడీ తండాల్లో సూది పని ఇంకో లోకం. మథుర లంబాడీల ఆడవాళ్లు నూలు దారంతో పోగులు లెక్కబెట్టి వేసే కుట్టు, అంచుకు పొదిగే గవ్వలు చూస్తే, ఆ తండాలో పెరిగే పిల్లకు లెక్క మొదట పలక మీద కాక గుడ్డ మీద వచ్చి ఉంటుందనిపిస్తుంది.

ఇప్పుడు క్రోషియా నేర్పేది ఎక్కువగా ఫోను. జపాన్ నుంచి వచ్చిన అమిగురుమి బొమ్మలు, అంటే దూది కూరిన చిన్న చిన్న అల్లిక జంతువులు, పిల్లలను బాగా పట్టుకున్నాయి. గుండ్రం వేయడం, పెంచడం, తగ్గించడం వస్తే చాలు, కుందేలు తయారు. ఫోనులో చూసి నేర్చుకున్నవాళ్లలో అందరికన్నా పేరు తెచ్చుకున్నవాడు జోనా లార్సన్. ఇథియోపియాలో పుట్టి, అమెరికాలోని విస్కాన్సిన్‌లో దత్తు ఇంట పెరిగిన పిల్లవాడు. అయిదేళ్లప్పుడు ఇంట్లో దొరికిన సూది పట్టి వీడియో చూసి పాత్రలు తోమే గుడ్డ అల్లాడు. పదకొండేళ్లకు ప్రపంచానికంతా తెలిశాడు. తన అల్లిక పేరు మీద పోగైన డబ్బుతో పుట్టిన ఊరి పిల్లలకు గ్రంథాలయం కట్టించడానికి సాయపడ్డాడు.

మన దగ్గర మగపిల్లవాడు ఊలు ఉండ పట్టుకుంటే ‘ఆడపిల్లోలె అదేంది’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఒకసారి గొర్రెలు పెంచే కురుమల ఇళ్లకేసి చూడాలి. బొచ్చు వడికేది ఆడవాళ్లయినా మగ్గం ముందు కూర్చుని గొంగడి నేసేది మగవాళ్లే. దాన్ని కప్పుకున్న ఏ రైతూ ఆ నేత ఆడపని అనలేదు.