లెడ్ జెప్పెలిన్ లైవ్ ఆల్బములు

లెడ్ జెప్పెలిన్ 1968లో లండన్‌లో ఏర్పడిన ప్రసిద్ధ రాక్ సంగీత బృందం. స్టూడియోలో విడివిడిగా నమోదు చేసి కూర్చినవి కాక, కచేరీలోను, రేడియో ప్రసారం కొరకును బృందమంతా ఒకేసారి వాయించగా నమోదైన పాటల సంపుటాలను లైవ్ ఆల్బములు అంటారు. ఈ బృందం పేరిట అట్టి ముఖ్యమైన ఆల్బములు నాలుగు కలవు. అవి 'ది సాంగ్ రిమెయిన్స్ ద సేమ్' (1976), 'బి.బి.సి. సెషన్స్' (1997), 'హౌ ద వెస్ట్ వాజ్ వన్' (2003), 'సెలబ్రేషన్ డే' (2012). వీటిలో మొదటిది మాత్రమే బృందం మనుగడలో ఉండగా వెలువడింది. ఆ ఒక్కటే బృందం కచేరీ శక్తికి అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం కావడం ఈ చరిత్రలో విశేషం. ఈ వ్యాసంలో నాలుగు ఆల్బములను పోల్చి, వరుస క్రమం సూచించడమైనది.

నేపథ్యం

బృందంలో నలుగురు సభ్యులు. జిమ్మీ పేజ్ గిటారు, రాబర్ట్ ప్లాంట్ గాత్రం, జాన్ పాల్ జోన్స్ బేస్ గిటారు మరియు కీబోర్డు, జాన్ బోన్‌హామ్ డ్రమ్స్ నిర్వహించేవారు. వీరి కచేరీలలో పాట స్టూడియో రికార్డులో ఉన్నట్లే ఉండేది కాదు. కర్ణాటక సంగీత కచేరీలో కృతి అదే అయినా ఆలాపన, నెరవు, స్వరకల్పనలు ఏ రోజుకారోజు కొత్తగా పుట్టినట్లే, వీరి పాటలలోను పల్లవి చరణాల నడుమ దీర్ఘమైన మనోధర్మ భాగం ఉండేది. కాబట్టి స్టూడియో ఆల్బములు మాత్రమే విన్నవారికి ఈ బృందం సగమే తెలిసినట్లు.

ఇంత ప్రాముఖ్యం గల కచేరీలకు 1976 వరకు అధికారిక రికార్డు ఒక్కటీ రాలేదు. ఆ లోటును శ్రోతలు రహస్యంగా టేపు చేసిన అనధికార రికార్డులు పూరించాయి. వీటిని బూట్‌లెగ్‌లు అంటారు. 1970 సెప్టెంబరు 4న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లో జరిగిన కచేరీ నుండి వచ్చిన 'లైవ్ ఆన్ బ్లూబెర్రీ హిల్' వీటిలో పేరొందినది. బృందం మేనేజరు పీటర్ గ్రాంట్ ఇట్టి టేపింగును తీవ్రంగా ఎదుర్కొనేవాడు. 1971లో కెనడాలోని వాంకూవర్ కచేరీలో ఆయన ఒక రికార్డింగు యంత్రాన్ని చూచి ధ్వంసం చేశాడు. అది శబ్దకాలుష్యాన్ని కొలిచే పరికరమని తరువాత తేలింది.

1980 సెప్టెంబరు 25న బోన్‌హామ్ తన 32వ ఏట మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరు 4న బృందం తాము ఇక కొనసాగలేమని ప్రకటించింది. అందువలన తక్కిన మూడు ఆల్బములు బృందం ముగిసిన తరువాత వచ్చినవే.

ది సాంగ్ రిమెయిన్స్ ద సేమ్ (1976)

ఇది అదే పేరుగల చలనచిత్రానికి సంగీత సంపుటి. 1973 జూలై 27, 28, 29 తేదీలలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మూడు కచేరీల నుండి కూర్చబడింది. సుదీర్ఘమైన అమెరికా పర్యటనకు ఇవి చివరి కచేరీలు. చిత్రీకరించిన దృశ్యాలలో ఖాళీలు మిగిలిపోవడంతో 1974లో ఇంగ్లాండులోని షెపర్టన్ స్టూడియోలో వేదికను మళ్ళీ నిర్మించి, కొన్ని భాగాలను తిరిగి తీశారు. అప్పటికి జోన్స్ జుట్టు కత్తిరించుకొని ఉండటంతో విగ్గు పెట్టుకోవలసి వచ్చింది.

1975 ఆగస్టులో గ్రీసులోని రోడ్స్ ద్వీపంలో ప్లాంట్ కారు ప్రమాదంలో గాయపడ్డాడు. కచేరీలు నిలిచిపోయిన ఆ కాలంలోనే ఈ చిత్రం, ఆల్బము పూర్తయ్యాయి. ఇది బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో రెండవ స్థానానికి చేరింది.

అమ్మకాలు బాగున్నా ఆల్బములోని లోపాలు స్పష్టమే. పర్యటన చివరి అలసట వినిపిస్తుంది. 1972లో తారస్థాయిలో పాడిన చరణాలను ప్లాంట్ ఇక్కడ క్రింది స్థాయికి మార్చి పాడాడు. దృశ్యంతో ముడిపడిన సంగీతం కావడం వలన దిద్దుబాటుకు అవకాశం తక్కువ. రెండు ఎల్.పి. రికార్డులలో తొమ్మిది పాటలే ఉండగా, వాటిలో ఒక ప్రక్క మొత్తం 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' అనే ఒకే పాట ఆక్రమించింది. 2007లో మరో ఆరు పాటలు చేర్చి పునర్ముద్రించారు. దీనితో కచేరీ స్వరూపం కొంత మెరుగుగా తెలుస్తుంది. 'నో క్వార్టర్' పాటలో జోన్స్ కీబోర్డు వాదనం మాత్రం ఈ ఆల్బముకే తలమానికం.

బి.బి.సి. సెషన్స్ (1997)

ఇది రెండు సీడీల సంపుటి. మొదటి సీడీలో 1969లో బి.బి.సి. రేడియో కొరకు వాయించిన పాటలు, రెండవ సీడీలో 1971 ఏప్రిల్ 1న లండన్‌లోని పారిస్ థియేటర్‌లో శ్రోతల ఎదుట జరిగిన కచేరీ ఉన్నాయి. పేరును బట్టి ఫ్రాన్సు రాజధాని అనుకోరాదు. పారిస్ థియేటర్ అన్నది లండన్‌లో బి.బి.సి. వాడిన ఒక చిన్న ప్రదర్శనశాల.

ఈ ఆల్బము విలువ రెండు విధాలు. మొదటిది, ఇంకా పేరు రాని బృందాన్ని ఇందులో వినవచ్చు. 'కమ్యూనికేషన్ బ్రేక్‌డౌన్' అనే పాట మొదటి సీడీలో మూడు సార్లు వస్తుంది. ఇది కొందరికి విసుగు కలిగించినా, కొద్ది నెలల వ్యవధిలో ఒకే పాట ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించే విద్యార్థికి ఎంతో ఉపయోగకరం. రెండవది, 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటను అది రికార్డుగా వెలువడక ముందే ఇక్కడ వాయించారు. ఆ పాట ఆల్బము రూపంలో 1971 నవంబరులో వచ్చింది. అనగా ఆ రోజు థియేటర్‌లో కూర్చున్నవారికి అది ఒక కొత్త పాట మాత్రమే. చప్పట్లు మర్యాదపూర్వకంగా ఉన్నాయే గాని, తరువాతి కాలపు కేకలు లేవు.

2016లో మూడవ సీడీ చేర్చి 'ద కంప్లీట్ బి.బి.సి. సెషన్స్' పేరుతో విడుదల చేశారు. 1969 ఏప్రిల్‌లో ప్రసారమైన ఒక కార్యక్రమం టేపు బి.బి.సి. వద్ద మిగలలేదు. ఒక శ్రోత రేడియో నుండి టేపు చేసుకొన్న ప్రతి ద్వారా ఆ మూడు పాటలు దక్కాయి. ధ్వని నాసిగా ఉన్నా 'సన్‌షైన్ ఉమన్' అనే పాట వేరెక్కడా లభించదు. గ్రాంట్ ద్వేషించిన శ్రోతల టేపింగే చివరకు బృందం సంపదలో కొంత భాగాన్ని కాపాడినది.

హౌ ద వెస్ట్ వాజ్ వన్ (2003)

1972 జూన్ 25న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లోను, జూన్ 27న లాంగ్ బీచ్ అరీనాలోను జరిగిన కచేరీల సంకలనమిది. మూడు సీడీలలో సుమారు రెండున్నర గంటల సంగీతం కలదు. అదే వేసవిలో రోలింగ్ స్టోన్స్ బృందం కూడా అమెరికాలో పర్యటించడంతో పత్రికల దృష్టి అంతా అటు మళ్ళింది. తాము అత్యున్నత దశలో ఉన్నామని భావించిన కాలంలో తమను గురించి వ్రాసినవారు తక్కువ అని బృందం బాధపడింది. ముప్పై ఏళ్ళ తరువాత, డీవీడీ కొరకు పాత టేపులు వెదకుచుండగా పేజ్‌కు ఈ రికార్డులు కనిపించాయి. విడుదలైన వెంటనే అమెరికాలో మొదటి స్థానం పొందాయి.

బృందం నలుగురూ ఒకే శ్వాసగా వాయించడం ఇందులో వినవచ్చు. ప్లాంట్ గాత్రం పూర్తి బలంతో ఉంది. 1973 మార్చిలో వెలువడిన 'హౌసెస్ ఆఫ్ ద హోలీ' ఆల్బములోని మూడు పాటలు ఇక్కడ తొమ్మిది నెలలు ముందుగానే వినిపిస్తాయి. నడుమ శాంతమైన అకూస్టిక్ గిటారు పాటలు మూడు ఉండటం వలన కచేరీకి ఆరోహణ, విశ్రాంతి, తిరిగి ఆరోహణ అనే క్రమం ఏర్పడింది. 'మోబీ డిక్' పాటలో బోన్‌హామ్ సుమారు 19 నిమిషాల పాటు ప్రధానంగా ఒంటరిగా వాయించాడు. కొంతసేపు కర్రలు వదిలి వట్టి చేతులతో వాయిస్తాడు. మన కచేరీలలోని తని ఆవర్తనానికి అలవాటుపడిన చెవికి ఈ భాగం సులభంగా బోధపడుతుంది.

ఒక సంగతి మరువరాదు. ఇది ఏ ఒక్క రాత్రి కచేరీ కాదు. రెండు రాత్రుల నుండి మంచి భాగాలు ఏరి అతికించినది. కావున దీనిని జరిగిన కచేరీకి యథాతథమైన ప్రతిగా గాక, బృందం ఎంత బాగా వాయించగలదో తెలిపే చిత్రంగా భావించాలి.

సెలబ్రేషన్ డే (2012)

అట్లాంటిక్ రికార్డ్స్ సంస్థ స్థాపకులలో ఒకడైన అహ్మద్ ఎర్టెగన్ 2006లో మరణించాడు. ఆయన స్మృత్యర్థం 2007 డిసెంబరు 10న లండన్‌లోని ఓ2 అరీనాలో జరిగిన కచేరీకి ఇది రికార్డు. పేజ్ చేతివ్రేలు విరగడంతో నవంబరులో జరగవలసినది వాయిదా పడింది. డ్రమ్స్ స్థానంలో బోన్‌హామ్ కుమారుడు జేసన్ బోన్‌హామ్ కూర్చున్నాడు. 1976 నాటి చిత్రంలో చిన్న డ్రమ్స్ వాయిస్తూ కనిపించే బాలుడు ఇతడే.

అంతకు ముందు 1985లో లైవ్ ఎయిడ్ కార్యక్రమంలోను, 1988లో అట్లాంటిక్ వార్షికోత్సవంలోను మిగిలిన సభ్యులు కలిసి వాయించారు. అవి రెండూ నిరాశ కలిగించాయి. లైవ్ ఎయిడ్ డీవీడీలో తమ భాగాన్ని చేర్చుటకు వారు అంగీకరించలేదు. అందుచేత 2007 కచేరీ వారికి పరీక్ష వంటిది. దీర్ఘమైన సాధన చేసి, కొన్ని పాటలకు శ్రుతి తగ్గించి, మనోధర్మ భాగాలను కుదించి వారు 16 పాటలు వాయించారు. నాలుగు ఆల్బములలో ఒకే రాత్రి జరిగిన సంపూర్ణ కచేరీ ఇదొక్కటే. 2014లో ఉత్తమ రాక్ ఆల్బముగా గ్రామీ పురస్కారం పొందింది.

ఒకే పాట - ఐదు కొలతలు

'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' నాలుగు ఆల్బములలోను ఉంది. పేజ్ గిటారు తీగలపై వయొలిన్ కమాను ఆడించి వాయించే పాట ఇది. స్టూడియో రూపంలో దీని నిడివి సుమారు ఆరున్నర నిమిషాలు. లైవ్ ఆల్బములలో దీని నిడివి సుమారుగా ఈ విధంగా ఉంది.

1969 (బి.బి.సి.): 6½ నిమిషాలు
1971 (బి.బి.సి.): 18½ నిమిషాలు
1972 (హౌ ద వెస్ట్ వాజ్ వన్): 25 నిమిషాలు
1973 (ది సాంగ్ రిమెయిన్స్ ద సేమ్): 27 నిమిషాలు
2007 (సెలబ్రేషన్ డే): 12 నిమిషాలు

1972, 1973 నాటి నిడివులలో భేదం రెండు నిమిషాలే. కాని 1972లో ప్రతి మలుపునకు నలుగురూ ఒకరినొకరు విని స్పందించడం తెలుస్తుంది. 1973లో పలుచోట్ల విస్తారమే మిగిలింది. నిడివి ఒక్కటే మనోధర్మానికి కొలత కాదని ఈ పోలిక నిరూపిస్తున్నది. 1967లో ఇదే పేరుతో పాట వెలువరించిన గాయకుడు జేక్ హోమ్స్ 2010లో దావా వేయగా, అది తరువాత రాజీతో ముగిసింది. 'సెలబ్రేషన్ డే' ఆల్బములో హోమ్స్ ప్రేరణను పేర్కొన్నారు.

వరుస క్రమం

వాదన పటిమ, గాత్రం, పాటల కూర్పు, ధ్వని స్పష్టత, కచేరీకి యథార్థత అనే ఐదు అంశాలను పరిగణిస్తే ఈ క్రమం సమంజసం.

1. హౌ ద వెస్ట్ వాజ్ వన్ - మొదటి నాలుగు అంశాలలోను ముందున్నది. యథార్థతలో మాత్రం వెనుకబడింది.
2. బి.బి.సి. సెషన్స్ - బృందం ఎదుగుదలకు ఏకైక సాక్ష్యం. పాటలు పునరావృతం కావడం లోపం.
3. సెలబ్రేషన్ డే - యథార్థతలో ప్రథమం, ధ్వని అతి స్పష్టం. యౌవనపు దూకుడు, జాన్ బోన్‌హామ్ లేని లోటు తీరనివి.
4. ది సాంగ్ రిమెయిన్స్ ద సేమ్ - చారిత్రక ప్రాధాన్యం గలది. వినదలచినవారు 2007 ముద్రణను ఎంచుకొనుట మేలు.

యథార్థతకే పెద్దపీట వేసేవారు మూడవదానిని మొదటికి తేవచ్చును. 1976లో పెరిగిన శ్రోతలకు నాలుగవదానిపై మమకారం ఉండటం కూడా సహజమే. చాలా ఏళ్ళపాటు వారికి లభించిన లైవ్ ఆల్బము అదొక్కటే. క్రొత్తగా వినేవారు మాత్రం మొదటిదానితో ఆరంభించి, తరువాత కాలక్రమంలో వినడం ఉచితం. కాలక్రమంలో ఒక లైవ్ సంపుటి తేవాలని పేజ్ కూడా చాలాకాలం కోరుకొన్నాడు.

ఇతర లైవ్ రికార్డులు

2003లో వెలువడిన 'లెడ్ జెప్పెలిన్ డీవీడీ'లో 1970 జనవరి 9 నాటి రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ, 1975 ఎర్ల్స్ కోర్ట్, 1979 నెబ్‌వర్త్ కచేరీల భాగాలు ఉన్నాయి. 1969 అక్టోబరు 10న పారిస్ నగరంలోని ఒలింపియాలో జరిగిన కచేరీని 2014లో తొలి ఆల్బము పునర్ముద్రణతో జతచేశారు. ఎర్ల్స్ కోర్ట్, నెబ్‌వర్త్ కచేరీల నుండి నాలుగు పాటలతో ఒక చిన్న రికార్డు 2025 సెప్టెంబరులో వెలువడింది.

భారతదేశానికి సంబంధించి ఒక అంశం పేర్కొనదగినది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయిలో స్థానిక వాద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు. ఇవి కచేరీ రికార్డులు కావు. 2015లో 'కోడా' ఆల్బము పునర్ముద్రణలో మొదటిసారి అధికారికంగా వెలువడ్డాయి.

ఇవి కూడా చూడండి

రాక్ సంగీతం
జిమ్మీ పేజ్
మనోధర్మ సంగీతం
తని ఆవర్తనం